బిల్లీ కావలెను

టీనేజ్ కుర్రాడు హీరోగా నాటకం రాయడం వరకూ ఈజీనే. ఆ పాత్ర ఎవరితో వేయించాలి అన్న దగ్గరే అసలు తలనొప్పి మొదలవుతుంది. పదిహేనేళ్ళ పాత్రకి పదిహేనేళ్ళవాడినే తీసుకుంటే వాడికి స్కూలుంటుంది, పరీక్షలుంటాయి, గొంతు మారుతూ ఉంటుంది. ఆర్నెల్లు తిరక్కుండా పొడుగైపోయి, కుట్టించిన డ్రెస్సులన్నీ పొట్టివి చేసేస్తాడు. అదే పెద్దవాడిని తీసుకుంటే ఈ గొడవలేవీ ఉండవు. అందుకే చాలామంది దర్శకులు రెండో దారే పడతారు.

లండన్‌లో 2012లో మొదలైన ‘ద క్యూరియస్ ఇన్సిడెంట్ ఆఫ్ ద డాగ్ ఇన్ ద నైట్ టైమ్’ నాటకంలో హీరో క్రిస్టఫర్ వయసు 15. ఆ పాత్ర వేసిన ల్యూక్ ట్రెడవేకి అప్పటికి 27. న్యూయార్క్ బ్రాడ్‌వేలో 2016 చివర్లో వచ్చిన ‘డియర్ ఇవాన్ హాన్సెన్’లో ఇవాన్ మన లెక్కలో ఇంటర్ చదివే వయసువాడు, వేసిన బెన్ ప్లాట్‌కి 23. అదే పాత్రలో నిజంగా టీనేజ్‌లో ఉన్న కుర్రాడిని, 16 ఏళ్ళ ఆండ్రూ బార్త్ ఫెల్డ్‌మన్‌ని, చూడ్డానికి బ్రాడ్‌వే 2019 దాకా ఆగింది. నలభై దాటిన హీరో బ్యాగు తగిలించుకుని ఫస్టియర్ క్లాసులోకి నడిచి రావడం చూస్తూ పెరిగినవాళ్ళం, మనకి ఇదేం వింత కాదు. పైగా స్టేజ్ మీద క్లోజప్పులుండవు. ఎనిమిదో వరసలోంచి చూస్తే 23కీ 17కీ తేడా ఏం తెలుస్తుంది?

కానీ కొన్ని నాటకాల్లో ఈ కిటుకు పనిచేయదు. వాటిల్లో నాకు బాగా ఆసక్తిగా అనిపించింది ‘బిల్లీ ఎలియట్ ద మ్యూజికల్’. ముందు ఇది 2000లో వచ్చిన సినిమా. 2005లో లండన్‌లోని విక్టోరియా ప్యాలెస్ థియేటర్‌లో పాటల నాటకంగా మొదలైంది. కథ, పాటలు లీ హాల్‌వి, సంగీతం ఎల్టన్ జాన్, దర్శకత్వం సినిమా తీసిన స్టీఫెన్ డాల్డ్రీయే. ఇంగ్లండ్ ఉత్తరాన ఒక బొగ్గు గనుల ఊరు. 1984-85 సమ్మె నడుస్తోంది. తండ్రి, అన్న ఇద్దరూ సమ్మెలో ఉన్నారు. టీనేజ్ గుమ్మంలో ఉన్న బిల్లీని బాక్సింగ్ నేర్చుకోమని పంపిస్తే, వాడు అదే హాల్లో ఆడపిల్లల బ్యాలే క్లాసులో చేరిపోతాడు. తర్వాత ఇంట్లో ఏం జరిగి ఉంటుందో మీరే ఊహించుకోండి. మగపిల్లాడు కూచిపూడి నేర్చుకుంటానంటే మన ఇళ్ళలో కూడా అందరూ చప్పట్లు కొట్టరు కదా.

ఇక్కడ పాతికేళ్ళ డాన్సర్‌ని పెడితే కథే పడిపోతుంది. చుట్టూ గని కార్మికులు, పోలీసులు, డాళ్ళు, లాఠీలు, వాళ్ళ మధ్యలో ఒక చిన్న శరీరం. బొమ్మంతా ఆ సైజు తేడా మీదే నిలబడింది. కాబట్టి నిజమైన పిల్లాడే కావాలి. వాడు బ్యాలే చేయాలి, టాప్ డాన్స్ చేయాలి, కాస్త జిమ్నాస్టిక్స్ రావాలి, పాడాలి, ఏడిపించాలి, నవ్వించాలి, ఇంగ్లండ్ ఉత్తరాది యాసలో మాట్లాడాలి. ఒక సీన్‌లో తీగ కట్టుకుని గాల్లో ఎగరాలి. దాదాపు మూడు గంటల నాటకంలో వాడు స్టేజ్ దిగేది చాలా తక్కువసేపు. ఇదంతా గొంతు మారకముందే, బాగా పొడుగవకముందే. ఈ ఫిల్టర్లన్నీ ఒకేసారి పెట్టి వెతికితే రిజల్ట్స్ సున్నా. అలాంటి పిల్లాడు రెడీమేడ్‌గా ఎక్కడా దొరకడు.

ఓపెన్ ఆడిషన్ అవసరం ఇక్కడే వస్తుంది. మామూలుగా నాటకాల్లో పిల్లల పాత్రలకి ఏజెంట్లకి ఫోన్ చేస్తారు, స్టేజ్ స్కూళ్ళకి కబురు పెడతారు. ఓపెన్ ఆడిషన్‌లో ఏజెంట్ అక్కర్లేదు, సిఫార్సు అక్కర్లేదు, వయసు సరిపోతే ఎవరైనా రావచ్చు. సినిమాలో బిల్లీగా వేసిన జేమీ బెల్‌ని రెండు వేలమందికి పైగా పిల్లల్లోంచి ఎంచుకున్నారు. అతనిది ఇంగ్లండ్ ఉత్తరాన బిల్లింగ్‌హమ్ అనే ఊరు. స్టేజ్ మీద మొదటి బిల్లీల్లో ఒకడైన లియమ్ మోవర్‌ది హల్. గని ఊరి కథకి మరీ నునుపైన లండన్ స్టేజ్ పిల్లాడు అతకడు. కావాల్సినవాడు ఎక్కడో దూరపు ఊళ్ళో, నెలకింత అని ఫీజు కట్టి వెళ్ళే డాన్స్ క్లాసులో, ఇలాంటిదొకటి ఉందనే తెలియకుండా ఉంటాడు. వాడి దాకా వార్త చేరాలంటే తలుపులు బార్లా తెరవాల్సిందే.

ఇలాంటి ఆడిషన్ జరిగే తీరు చెప్తాను. వచ్చిన పిల్లల చొక్కాలకి నంబర్లు అతికిస్తారు. వాళ్ళని గుంపులుగా హాల్లోకి తీసుకెళ్ళి ఒక చిన్న డాన్స్ ముక్క అక్కడికక్కడే నేర్పిస్తారు, చేయమంటారు. కొందరిని ఇంటికి పంపించేస్తారు. మిగిలినవాళ్ళు పాట పాడతారు, ఒక సీన్ చదువుతారు, మళ్ళీ వడపోత. ఆ తర్వాత రోజులకో వారాలకో రీకాల్. అది ఒకసారితో అయిపోదు.

ఇందులో అసలు పాయింట్ ‘అక్కడికక్కడే నేర్పిస్తారు’ అన్న మాటలో ఉంది. మనం ఆడిషన్ అనగానే వచ్చింది చూపించడం అనుకుంటాం. బిల్లీ విషయంలో వచ్చింది చూస్తే సరిపోదు, ఎందుకంటే అన్నీ వచ్చినవాడు లేడు. చూడాల్సింది నేర్చుకునే వేగం. ఉదయం రాని స్టెప్పు సాయంత్రానికి వచ్చిందా? తప్పు చెప్తే మొహం మాడ్చుకున్నాడా, మళ్ళీ చేశాడా? ఎంపికైన పిల్లలకి కూడా వెంటనే పాత్ర ఇచ్చేయరు, నెలల తరబడి ట్రైనింగ్ ఉంటుంది. అది పూర్తయ్యాకే స్టేజ్.

మనందరికీ తెలిసిన ఉదాహరణ స్పైడర్ మ్యాన్. అవును, టామ్ హాలండే. అతను లైన్లో నిలబడి వచ్చినవాడు కాదు. 2006లో రిచ్‌మండ్ డాన్స్ ఫెస్టివల్‌లో ఆడుతుంటే ఈ నాటకం కొరియోగ్రఫీ టీమ్‌లో పనిచేసే లిన్ పేజ్ కంట్లో పడ్డాడు. అయినా అక్కడితో అయిపోలేదు. ఎనిమిది ఆడిషన్లు, రెండేళ్ళ ట్రైనింగ్. 2008 జూన్‌లో ముందు బిల్లీ ఫ్రెండ్ మైకేల్ పాత్ర ఇచ్చారు, సెప్టెంబర్‌లో బిల్లీని ఇచ్చారు. అతను చేసే డాన్స్ హిప్ హాప్, బ్యాలే ఆ రెండేళ్ళలో నేర్చుకున్నదే. సినిమాల్లో అతను గాల్లో పల్టీలు కొడుతుంటే ఈసారి ఇది గుర్తు తెచ్చుకోండి.

ఇంకో సంగతి. బిల్లీ ఒకడు కాదు. లండన్‌లో వారానికి ఎనిమిది షోలు. ఏ పిల్లాడి ఒళ్ళూ దానికి తట్టుకోదు, చట్టమూ ఒప్పుకోదు. అందుకే మొదటినుంచీ ముగ్గురు బిల్లీలు వంతులవారీగా వేశారు: లియమ్ మోవర్, జేమ్స్ లోమస్, జార్జ్ మెగ్వాయర్. 2006లో ఒలివియర్ ఉత్తమ నటుడి అవార్డు ముగ్గురికీ కలిపి ఇచ్చారు. 2008లో బ్రాడ్‌వేకి వెళ్ళినప్పుడూ ముగ్గురే: డేవిడ్ అల్వారెజ్, ట్రెంట్ కొవాలిక్, కిరిల్ కులిష్. అప్పటికి అందరూ 13, 14 ఏళ్ళవాళ్ళు. 2009లో టోనీ అవార్డు కూడా ముగ్గురూ పంచుకున్నారు. డేవిడ్‌ది బ్యాలే. ట్రెంట్ ఐరిష్ డాన్స్‌లో ప్రపంచ స్థాయి విజేత. కిరిల్ బాల్‌రూమ్ డాన్స్ పోటీల్లోంచి వచ్చాడు. ముగ్గురివీ మూడు దారులు. కొరియోగ్రాఫర్ పీటర్ డార్లింగ్ ‘ఎలక్ట్రిసిటీ’ అనే పాటకి డాన్స్‌ని ఒక్కో పిల్లాడి బలాన్నిబట్టి మార్చేవాడు. జిమ్నాస్టిక్స్ బాగా వచ్చినవాడికి పల్టీలు, బ్యాలే బలమున్నవాడికి గిరికీలు. పాత్రకి సరిపోయే పిల్లాడి కోసం అంత వెతికి, చివరికి పాత్రనే పిల్లాడికి సరిపోయేలా కుట్టడం నాకు భలే నచ్చింది.

దీనిలో చేదు భాగం కూడా ఉంది. ఈ ఉద్యోగంలో చేరిన రోజునుంచే కౌంట్‌డౌన్ మొదలు. గొంతు జీర పోయిందంటే పాటలు అందవు. ఎత్తు పెరిగితే బాక్సింగ్ హాల్లో చిన్నపిల్లాడిలా కనపడడు. తప్పేం చేయకపోయినా, ఇంకా బాగా చేస్తున్నా, పెరిగినందుకు దిగిపోవాలి. హాలండ్ చివరి షో 2010 మే 29న, 14 నిండడానికి మూడు రోజుల ముందు. అందువల్ల ఆడిషన్లకి కూడా అంతు ఉండదు. ఇప్పటి బిల్లీ స్టేజ్ మీద ఉండగానే రాబోయే బిల్లీ ట్రైనింగ్‌లో ఉండాలి, వాడి తర్వాతివాడి కోసం ఎక్కడో వెతుకుతూ ఉండాలి. లండన్‌లో 2016 ఏప్రిల్ దాకా ఇలాగే నడిచింది.

చట్టం అన్నాను కదా. బ్రిటన్‌లో స్కూలు వయసు పిల్లలు ఇలాంటి నాటకంలో వేయాలంటే స్థానిక కౌన్సిల్ లైసెన్సు ఉండాలి. మన దగ్గర కూడా 2017 రూల్స్ ప్రకారం చైల్డ్ ఆర్టిస్ట్‌తో రోజుకి ఐదు గంటలకి మించి, విశ్రాంతి లేకుండా మూడు గంటలకి మించి పనిచేయించకూడదు. వరసగా 27 రోజులు దాటకూడదు. పిల్లల సంపాదనలో కనీసం 20 శాతం వాళ్ళ పేరు మీదే బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి. తమ్ముడినో చెల్లినో ఆడిషన్‌కి తీసుకెళ్ళేవాళ్ళు ఇది తెలుసుకుని వెళ్ళండి. ‘రిజిస్ట్రేషన్ ఫీజు’ అని ముందే డబ్బులడిగే చోటునుంచి అటే వెనక్కి తిరిగి వచ్చేయండి.

తెలుగులో ఈ సమస్యకి పూర్తిగా వేరే జవాబు ఒకటుంది. అది సురభి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’తో మొదలైన ఆ నాటక కుటుంబాలకి ఓపెన్ ఆడిషన్ అవసరమే పడలేదు. పిల్లలు నాటకంలోనే పుడతారు, తెర పక్కనే పెరుగుతారు. పద్యాలు రోజూ చెవిన పడుతుంటాయి. ఒకడు పెద్దవాడైపోతే ప్రహ్లాదుడి వేషం ఇంట్లో తర్వాతివాడికి వస్తుంది. లండన్‌వాళ్ళు ఏడాదో రెండేళ్ళో కుదించి చేసిన ట్రైనింగ్‌ని వీళ్ళు పుట్టినప్పటినుంచీ ఇస్తున్నారన్నమాట. కాకపోతే ఆ ఇంట్లో పుట్టనివాడికి ఆ తలుపు కనపడదు. ఓపెన్ ఆడిషన్ గొప్ప అంతా అక్కడే ఉంది, ఇంట్లో ఎవరికీ నాటకం వాసన లేనివాడు కూడా వచ్చి నిలబడొచ్చు.

ఈ నాటకంలోనే ఒక ఆడిషన్ సీన్ ఉంది. బిల్లీ రాయల్ బ్యాలే స్కూల్‌కి వెళ్తాడు. డాన్స్ సరిగ్గా కుదరదు, కోపంలో ఇంకో పిల్లాడిని కొడతాడు కూడా. వెళ్ళిపోయే ముందు వాళ్ళు ఒక్క ప్రశ్న అడుగుతారు, డాన్స్ చేస్తున్నప్పుడు నీకెలా ఉంటుంది అని. వాడి జవాబే ఆ ‘ఎలక్ట్రిసిటీ’ పాట.

మన కాలేజీల్లో డ్రామా ఆడిషన్ మాత్రం మూడు నిమిషాల పని. స్టేజ్ ఎక్కు, సినిమా డైలాగ్ చెప్పు, దిగు. స్కూల్లో యానివర్సరీ డేలు చేసినవాళ్ళు ఎలాగూ బాగానే చెప్తారు. తెలుగులో గట్టిగా చదవడమే ఇంటర్ తర్వాత మానేసిన నాలాంటి ఇంగ్లీష్ మీడియం బ్యాచ్ మొదటి పది సెకన్లలోనే ఔట్. దీనికి లండన్ బడ్జెట్ ఏం అక్కర్లేదు. డైలాగ్ విన్నాక ఒక్క సూచన ఇవ్వండి, ‘ఇదే మాట మీ అమ్మతో చెప్తున్నట్టు చెప్పు’ అని. పది నిమిషాలు బయట ప్రాక్టీస్ చేసుకుని రమ్మనండి. ఆలోపు ఇంకొకరిని చూడొచ్చు. రెండోసారి విన్నప్పుడు, మొదటిసారికీ దీనికీ మధ్య ఎంత మారిందో దానికి మార్కులు వేయండి. నలభైమంది వస్తే ఒక సాయంత్రం పని రెండు సాయంత్రాలవుతుంది. సమోసాల ఖర్చు క్లబ్బుదే.