దూరసన్నిధి: తరగతికి రాలేని విద్యార్థి

శివరాత్రి బ్రహ్మోత్సవముల దినములలో మహానందికి వేలకొలది యాత్రికులు వత్తురు. కోనేటి తేట నీట స్నానమాడి మహానందీశ్వరుని చెంతకు చేరుదురు. రాలేనివారు ఇంటనే యుండి ఉత్సవ విశేషములను రేడియోలో విందురు, టెలివిజనులో చూతురు. అయినను స్వామి సన్నిధికి పోయి వచ్చితిమని వారు చెప్పుకొనరు. తాను చూచుట దర్శనము. తానును ఆ చూపులో నిలుచుట సన్నిధి. ఈ భేదము చదువునకును వర్తించును.

పాఠమును ఇంటినుండి వినుట యొకటి. ఉపాధ్యాయుని కనుచూపులో కూర్చుండి, సందేహము కలిగిన క్షణముననే చేయి యెత్తుట మరియొకటి. ఈ రెండవ భాగ్యమును దూరమున నున్న విద్యార్థికి కలిగింపవలెనని పుట్టిన సాధనమే టెలిప్రెజెన్స్ రోబో. దీనిని మనము దూరసన్నిధి యంత్రమని పిలుచుకొందము. టెలిప్రెజెన్స్ అను మాటను 1980లో అమెరికా శాస్త్రజ్ఞుడు మార్విన్ మిన్‌స్కీ ప్రచారములోనికి తెచ్చెను.

రోబో అనగానే తనంత తాను ఆలోచించు మరమనిషి మనస్సునకు తోచును. ఇది అట్టిది కాదు. చక్రముల పీఠము, దానిపై నిలువు కడ్డీ, కడ్డీ కొనయందు ఒక తెర, కెమెరా, మైకు, స్పీకరు: సాధారణముగా దీని స్వరూపమింతే. ఇంటనున్న బాలిక తన ఫోనుపై వ్రేలు కదపగా, తరగతిలోని యంత్రము నల్లబల్లవైపు తిరుగును. పక్క బల్లపై నున్న స్నేహితురాలు మాటాడగా అటు తిరుగును. బాలిక ముఖము తెరపై కనిపించును. ఆలోచన బాలికది, కదలిక మాత్రమే యంత్రముది.

సమాధానము తిరిగి వచ్చు దారి లేకపోవుట మా ప్రసార వృత్తిలోని వారు చిరకాలముగా ఎరిగిన కొరత. మైకు ముందు కూర్చున్న వక్తకు శ్రోత ముఖము కానరాదు. 1956లో పూనా ప్రాంతపు గ్రామములలో రేడియో గ్రామసభలను నడిపిరి. రైతులు గుంపుగా కూర్చుండి విని, చర్చించి, తమ ప్రశ్నలను కేంద్రమునకు పంపిరి. జవాబునకు మాత్రము మరియొక ప్రసారము వరకు వేచియుండవలసి వచ్చెను. 1975 ఆగస్టు 1 మొదలు ఒక సంవత్సర కాలము, అమెరికావారి ఉపగ్రహము ద్వారా ఆంధ్రప్రదేశముతో సహా ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజన్ కార్యక్రమములను ప్రసారము చేసిరి. ఉదయపు వేళ పాఠశాల పిల్లలకు ప్రత్యేక కార్యక్రమము లుండెడివి. పిల్లలు కన్నులార్పక చూచిరి. కాని తెరలోని గురువు వారిని చూడలేదు.

2004లో మన దేశము విద్య కొరకే ఎడ్యుశాట్ ఉపగ్రహమును ప్రయోగించెను. కొన్ని కేంద్రములలో విద్యార్థులు తిరిగి ప్రశ్నించు వీలు కలిగెను. అయితే అట్టి ఉపగ్రహము భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున నుండును. ప్రశ్న పైకి పోయి క్రిందికి దిగి, జవాబు అదే దారిన మరల వచ్చుటకు అర సెకను పట్టును. సంభాషణలో ఆ పాటి విరామము కూడ తెలియుచునే యుండును. నేలపై పరచిన గాజు తీగెలలో ఈ ఆలస్యము చాల తగ్గును. నేటి దూరసన్నిధి యంత్రములు ఇంటర్నెట్టుపై ఆధారపడియే నడచుచున్నవి.

లోకానుభవములో రెండు ఉదాహరణములు గమనింపదగినవి. 2010లో దక్షిణ కొరియాలోని డేగూ నగరపు ప్రాథమిక పాఠశాలలలో ఇంగ్లీషు నేర్పుటకు ఎంగ్‌కీ అను యంత్రములను నిలిపిరి. వాని వెనుక పాఠము చెప్పినవారు ఫిలిప్పీన్సులోని ఉపాధ్యాయినులు. కాని తెరపై వారి ముఖము కనిపింపలేదు. గీయబడిన మరియొక శ్వేతవర్ణపు స్త్రీ ముఖము కనిపించెను. గొంతు ఒకరిది, ముఖము మరియొకరిది. దీనిని పూర్ణమైన సన్నిధి యనగలమా?

నార్వేలో 2015లో స్థాపించబడిన నో ఐసొలేషన్ సంస్థవారి ఏ.వి.1 యంత్రము వేరొక దారి తొక్కెను. అది బల్లపై కూర్చుండు చిన్న తెల్లని బొమ్మ. దీర్ఘవ్యాధితో ఇల్లు కదలలేని బిడ్డ కొరకు దానిని నిర్మించిరి. బిడ్డ తరగతిని చూచును, వినును, మాటాడును. బిడ్డ రూపము మాత్రము తరగతికి కనిపింపదు. చికిత్స వలన జుట్టు రాలిన పిల్ల పరుల చూపులకు జంకునను ఎరుక ఇందులో కలదు. చేయి యెత్తదలచినచో బొమ్మ తలపై దీపము మినుకు మినుకుమనును. అలసట కలిగినచో తల నీలివర్ణము దాల్చి, నేడు నన్ను ప్రశ్నింపవలదని తెలుపును. తలుపు ఎప్పుడు తెరువవలెనో, ఎప్పుడు మూయవలెనో బిడ్డయే నిర్ణయించును.

ఇక మన సీమ మాట. మహానంది ప్రాంతపు బాలిక యొకతె నెలల తరబడి కర్నూలు ఆసుపత్రిలో ఉండవలసి వచ్చిన దనుకొందము. ఆమె బల్లపై ఇట్టి యంత్ర మొకటి యున్నచో, ఇంటికి మరలిన నాడు ఆమె తరగతికి క్రొత్తది కాదు. మహానందిలో వ్యవసాయ కళాశాల కలదు. అందలి ప్రయోగశాలలో, పొలములో కదలు యంత్రము ద్వారా దూరపు పాఠశాల విద్యార్థి తాను చూడగోరిన మొక్కనే చూచి, అక్కడి ఆచార్యుని ప్రశ్నింపవచ్చును. అయితే నల్లమల లోపలి చెంచు గూడెములలో ఫోను సంకేతమే అందని చోట్లు నేటికిని కలవు. అచ్చట ముందు కావలసినది టవరు, నిలుకడగల విద్యుత్తు. మెట్లెక్కలేని యంత్రమునకు వాలుదారియు కావలెను. తరగతిలోని ఇతర పిల్లల చిత్రములు ఎవరి చేతికి పోవునో ముందుగా నిశ్చయించుకొనవలెను.

మరియొక బాధ యంత్రమునకు అందనిది. కర్నూలు జిల్లా పడమటి మండలములనుండి మిరప కోతలకు, ప్రత్తి తీతలకు గుంటూరు సీమకు వలస పోవు కుటుంబములతో పిల్లలును పోవుదురు. పగలంతయు చేలో నుండు బిడ్డకు తరగతిలో యంత్రము నిలిపి ఏమి ఫలము? ఆ బిడ్డకు కావలసినది ఊరిలోనే వసతి గృహము, వేళకు అన్నము, రాత్రి తోడు. పరికరము చేయదగిన పని యేదో, మనుష్యులు చేయవలసిన పని యేదో వేరుచేసి చూచుట వివేకము.

ఖరీదైన యంత్రము వచ్చువరకు ఊరకుండ నక్కరలేదు. 2023 నుండి మన రాష్ట్రమున అనేక ప్రభుత్వ పాఠశాలలలో పెద్ద తెరలు అమర్చబడినవి. ఒక ఫోనును కడ్డీకి కట్టి ముందు బల్లపై నిలిపినను, ఉపాధ్యాయుడు హాజరు పిలుచునపుడు మంచముపై నున్న బిడ్డ పేరును పిలిచి ఆమె పలుకు వరకు ఒక్క క్షణ మాగినచో, దూరసన్నిధి అక్కడనే మొదలగును.