తిరిగే ఇరుసు

నెల్లూరు దగ్గరి సంగంలో మా అన్న కొడుకు ఇంటి వెనక వసారాలో జిమ్ పెట్టుకోవాలనుకున్నప్పుడు మొదట తయారైనవి రెండు పెయింటు డబ్బాలు. ఇల్లు కట్టగా మిగిలిన పది లీటర్ల డబ్బాలవి. సిమెంటు, పెన్న ఇసుక, సన్న కంకర కలిపి వాటిలో పోసి, నడుమ అంగుళం జీఐ పైపు నిలబెట్టాడు. ఒకటి గట్టిపడ్డాక పైపు తిరగేసి, రెండో కొసకు రెండో డబ్బా. వారం రోజులు తడి గోనెసంచి కప్పి నీళ్ళు చల్లాడు. కాంక్రీటు లీటరుకు సుమారు 2.4 కిలోలు తూగుతుంది. డబ్బాకు 24 చొప్పున, పైపుతో కలిపి 50 కిలోల పైమాటే. ఖర్చు మాత్రం టీ డబ్బులు.

పదో రోజున ఫోను చేశాడు. "బరువు సంగతి కాదు చిన్నాయనా. భుజం మీదకి తెచ్చేసరికి మణికట్టు మెలిబడతా ఉండాది."

నాకు నవ్వొచ్చింది. వాళ్ళ తాత బండి ఇరుసు ఇంకా ఆ వసారా చూరు కిందే తుప్పు పట్టి పడుంది. దానికి తెలిసిన సంగతి వీడి డబ్బాలకు తెలియలేదు. ఇరుసూ చక్రమూ ఒకదాన్నొకటి కరిచిపెట్టుకుని తిరగకూడదు. అందుకే కదా పెద్దవాళ్ళు కందెన పెట్టేది. చక్రం జారిపోకుండా ఇరుసు కొసన కడచీల కొట్టేది కూడా. ఇరుసు, చక్రం, కడచీల: బార్‌బెల్‌లో ఉన్నవీ ఈ మూడే. జిమ్ వాళ్ళు రాడ్, ప్లేటు, లాక్ అంటారు, అంతే తేడా. ఈ మూడూ కుదురుకోవడానికి మాత్రం ఐరోపాకు చాలా ఏళ్ళు పట్టింది.

ముందు పుట్టింది డంబెల్. ఆ మాటకు మూగ గంట అని అర్థం. చర్చి గంటల తాళ్ళు లాగే పని నేర్చుకోవడానికి, ఒళ్ళు వంచడానికి ఇంగ్లండులో ఒక సాధనం ఉండేది. తాడుంది, బరువుంది, మోగే గంట మాత్రం లేదు. దాని పేరే చేతిలో పట్టుకునే బరువులకు అంటింది. పందొమ్మిదో శతాబ్దంలో దానికే పొడుగు కడ్డీ వచ్చి, రెండు కొసలా ఇనుప గోళాలు వచ్చాయి. సర్కసు బొమ్మల్లో మీసాల వస్తాదు ఎత్తుతాడే, అదన్నమాట. 1896 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో రెండు చేతులతో ఎత్తే పోటీలో డెన్మార్క్‌కు చెందిన విగ్గో జెన్సెన్ 111.5 కిలోలు ఎత్తి గెలిచాడు. గోళాలతో చిక్కేమిటంటే బరువు మార్చడం కష్టం. 60 కిలోలది ఒకటి, 70 కిలోలది ఒకటి అని వరసగా పేర్చుకోవాలి. మామూలు ఇంట్లో అది కుదిరే పని కాదు.

ఇంటి జిమ్ అన్న ఆలోచనకు తలుపు తెరిచింది అమెరికాలోని ఫిలడెల్ఫియా. 1902లో అలన్ కాల్వర్ట్ అక్కడ మైలో బార్‌బెల్ కంపెనీ పెట్టి, బరువు కలపడానికీ తీయడానికీ వీలైన బార్‌బెల్‌లు అమ్మడం మొదలుపెట్టాడు. ఒక్క రాడ్ కొనుక్కుంటే చాలు, బలం పెరిగేకొద్దీ బరువు పెంచుకోవచ్చు.

ఇక తిరగడం సంగతి. ఫ్రెంచి వస్తాదు లూయీ యూనీకి అపొలోన్ అని రంగస్థలం పేరు. అతను ప్రదర్శనల్లో రైలుపెట్టె చక్రాల జత ఒకటి వాడేవాడు. బరువు 166 కిలోలు, ఇరుసు మందం దాదాపు 49 మిల్లీమీటర్లు. రైలు చక్రం ఎద్దులబండి చక్రం లాంటిది కాదు. ఇరుసుకు బిగించి ఉంటుంది, రెండూ కలిసే తిరుగుతాయి. తలపైకి ఎత్తడంలో ఆ జత పేరుమోసిన గండం. 1930లో చార్లెస్ రిగూలో, 1949లో జాన్ డేవిస్ ఎత్తారు. ఇద్దరూ ఒలింపిక్ ఛాంపియన్లే. సంగంలో మావాడు పోసింది దాని తమ్ముణ్ణే.

ఎందుకింత గండమో లెక్క వేస్తే తెలుస్తుంది. నేల మీద నుంచి భుజానికి తెచ్చేటప్పుడు, చివర్లో మోచేతులు ఒక్క గింగిరం తిరిగి రాడ్ కిందికి దూరతాయి. వాటితో పాటు రాడ్ కూడా క్షణంలో సగం చుట్టు తిరుగుతుంది. చక్రాలు రాడ్‌కు అతుక్కుని ఉంటే వాటినీ తిప్పాలి. తిప్పిందాన్ని మళ్ళీ ఆపాలి. ఆపేది మణికట్టే. తిరగడానికి వస్తువు ఎంత మొండికేస్తుందన్నది దాని బరువు మీదే కాదు, ఆ బరువు నడిమి నుంచి ఎంత దూరంలో ఉందన్న దాని మీదా ఆధారపడుతుంది, అదీ దూరం వర్గం లెక్కన. పోటీల్లో వాడే 20 కిలోల ప్లేటు వ్యాసం 45 సెంటీమీటర్లు. అలాంటివి రెండు పెడితే, చేతుల మధ్య ఉన్న 28 మిల్లీమీటర్ల కడ్డీతో పోల్చితే ఆ మొండితనం వెయ్యి రెట్లకు పైన. చక్రాలను వదిలించి కడ్డీ ఒక్కటే తిరిగేలా చేస్తే ఆ వెయ్యి రెట్లు చేతి మీద పడవు. పెద్ద సిద్ధాంతమేమీ కాదు, బండి తోలిన ప్రతివాడికీ కందెన మసి ద్వారా తెలిసిన విషయమే.

దీన్ని పోటీ వేదిక మీదకు తెచ్చినవాడు జర్మనీలోని న్యూరంబర్గ్‌కు చెందిన కాస్పర్ బెర్గ్. రాడ్ కొసలకు విడిగా తిరిగే తొడుగులు పెట్టి, వాటి మీద ప్లేట్లు ఎక్కించాడు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్ నాటికి ఆ బార్‌బెల్ వేదికెక్కింది. ఈనాటికీ ఆ ఆకారమే.

మిగిలిన లోపం వంగడం. ఎత్తి కింద పడేయగానే రాడ్ వంగిపోయేది, ఒక్కోసారి విరిగేది. పోటీ మధ్యలో రాడ్లు మార్చుకోవాల్సి వచ్చేది. దీనికి మందు దొరికిన చోటు నాకు భలే ఇష్టం: స్వీడన్‌లో కరెంటు వంట సామాను తయారుచేసే ఎలీకో కంపెనీ. అట్లలాంటి వాఫుల్స్ కాల్చే పెనాలు చేసేవాళ్ళు. అక్కడి ఫ్యాక్టరీలో పనిచేసే హెల్‌స్ట్రోమ్ బరువులెత్తే మనిషి. రాడ్లు వంగడం చూసి విసిగి, మనమే మంచి ఉక్కుతో చేద్దామని 1957లో యజమానులను ఒప్పించాడు. 1963లో స్టాక్‌హోమ్ ప్రపంచ పోటీలు మొదటి నుంచి చివరిదాకా ఎలీకో రాడ్ ఒక్కదాని మీదే నడిచాయి. అది వంగలేదు. అట్లపెనం వాళ్ళు ఆ తర్వాత అట్లపెనాల పేరుతో ఎవరికీ గుర్తులేరు.

మనవైపు బలానికి గుర్తులు వేరు. రాయలసీమ ఊళ్ళలో గుండు ఎత్తే పోటీలు, ఇరుసు ఎత్తే పోటీలు తిరునాళ్ళలో ఇప్పటికీ ఉన్నాయి. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు ఏనుగును గుండెల మీద నిలబెట్టుకున్నాడు. కృష్ణా జిల్లా గండిగుంట మనిషి దండమూడి రాజగోపాలరావు బరువులెత్తి దేశమంతా పేరు తెచ్చుకుని, 1963లో నర్తనశాల సినిమాలో భీముడయ్యాడు. బాపట్ల వైపు స్టువర్టుపురం నుంచి వచ్చిన రాగాల వెంకట రాహుల్ 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 338 కిలోలతో బంగారు పతకం తెచ్చాడు.

ఇంటికి సామాను కొనేవాళ్ళకు మాత్రం నేను చెప్పేది కరణం మల్లీశ్వరి లెక్క. ఆముదాలవలస దగ్గర ఊసవానిపేట ఆడబిడ్డ. 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల తరగతిలో స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240. ఆఖరి ప్రయత్నంలో 137.5 అడిగింది, అది నిలవలేదు. కాంస్యం. పైనున్న ఇద్దరివీ 242.5. తేడా రెండున్నర కిలోలు, అంటే పక్కకు ఒకటింబావు కిలోల ప్లేటు చొప్పున. దుకాణంలో 50 కిలోల సెట్ అని కట్టిచ్చే మూటల్లో ఎక్కువగా ఉండనిది సరిగ్గా ఆ ఒకటింబావు కిలోల జతే. పదులూ అయిదులూ ఉంటాయి. మావాడికి ముందు ఆ జత కొనమన్నాను. నెలకు రెండున్నర కిలోలు పెరిగితే ఏడాదికి 30. అయిదేసి పెంచాలని చూసేవాడు రెండో నెలలోనే నడుం పట్టుకుంటాడు.

నెల్లూరు పోయాం. సంగం నుంచి ముంబయి హైవే మీద బస్సులో గంట ప్రయాణం. ఒక దుకాణంలో అయిదడుగుల రాడ్ చూపించి, నిండు ఇనుము అన్నాడు. 25 మిల్లీమీటర్ల మందం, మీద మెరిసే పూత. మావాడు ముచ్చటపడి కొనేశాడు. సంగం తిరిగొచ్చాక ఇనుప సామాను కొట్లో కాటా మీద పెట్టాం. కడ్డీల బరువు మేస్త్రీలు నోటిలెక్కలో చెబుతారు: మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, 162తో భాగిస్తే మీటరుకు ఇన్ని కిలోలని వస్తుంది. 25కి 3.86. అయిదడుగులంటే మీటరున్నర. నిండు కడ్డీ అయితే ఆరు కిలోలకు కాస్త తక్కువ తూగాలి. మాది రెండు కూడా తూగలేదు. కొట్టు మనిషి దాన్ని గోరుతో టకటకా కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, "గొట్టం సామీ" అన్నాడు.

గొట్టమంటే పనికిరాదని కాదు, ఇది చెప్పి తీరాలి. కడ్డీ వంగకుండా నిలిచేది ఎక్కువగా దాని పైపొర వల్లే. మందం పెరిగితే బిగువు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. అదే లెక్కన, నడుమ సగం వ్యాసం దాకా తొలిచేస్తే బరువు నాలుగో వంతు పోతుంది గానీ బిగువు పోయేది పదహారో వంతే. సైకిలు గొట్టాలు అందుకే బతుకుతున్నాయి. మాకొచ్చిన గొట్టానికి గోడ మందం రెండు మిల్లీమీటర్లు. బిగువు సగం పోయింది, లాక్ బిగించిన చోట సొట్ట పడే పలుచన. అంతకన్నా నాకు మండింది నిండు ఇనుము ధర తీసుకున్నందుకు. మర్నాడు వెనక్కి తీసుకెళ్తే కాసేపు వాదించి, సగం డబ్బులిచ్చాడు.

రెండోసారి కొన్నది మూసేస్తున్న ఒక జిమ్ నుంచి పాత రాడ్. పోటీ కొలతలది: 2.2 మీటర్లు, 20 కిలోలు, పట్టు దగ్గర 28 మిల్లీమీటర్లు, కొసల తొడుగులు 50. ఆడవాళ్ళ పోటీ రాడ్ అయితే 15 కిలోలు, 25 మిల్లీమీటర్లు, కాస్త పొట్టి. కొనేముందు నేల మీద దొర్లించి చూశాం, ఎగుడుదిగుడుగా ఎగరలేదు. తొడుగు పట్టుకుని తిప్పితే గరగర లేకుండా తిరిగింది. పట్టు దగ్గర గీతల గరుకు అరిగింది గానీ చావలేదు. ఉదయగిరి చెక్క గరిటెలు చేసేవాళ్ళు పిడిని చేతికి కుదిరేలా చెక్కుతారు చూడండి, రాడ్‌కు ఆ పని చేసేది ఈ గరుకే. బ్లేడులా కోయకూడదు, చెమటకు జారనూ కూడదు.

ఒక ఉచ్చు గురించి చెప్పాలి. మామూలు దుకాణాల ప్లేట్ల రంధ్రం అంగుళం పైన కొద్దిగా ఉంటుంది, పోటీ రాడ్‌కు కావలసింది 50 మిల్లీమీటర్లు. రెండూ కలవవు. రాడ్ ముందు ఎంచుకోవాలి, ప్లేట్లు దాని వెంట రావాలి. చాలామంది తిరగేసి చేస్తారు. పీవీసీ ప్లేట్లలో ఉండేది మావాడి డబ్బాల్లాంటి సిమెంటే. పోత ఇనుము బరువులో మూడో వంతే కాబట్టి అదే కిలోలకు మూడింతల జాగా తింటుంది, నాలుగు ప్లేట్లకే తొడుగు నిండిపోతుంది. మేం ఇనుపవే తీసుకున్నాం, కిలో లెక్కన. పోటీ ప్లేటు 20 కిలోలదైతే 20 గ్రాములు ఎక్కువుండొచ్చు, 10 గ్రాములు తక్కువుండొచ్చు, అంతకు మించి ఒప్పుకోరు. మావాటిలో పది కిలోల ప్లేటొకటి 9 కిలోల 600 తూగింది. దాని మీద సుద్దతో ఆ అంకె రాసుకున్నాడు.

మిద్దె మీద పెడతానన్నాడు, నేను వద్దన్నాను. ఇళ్ళ స్లాబును చదరపు మీటరుకు సుమారు 200 కిలోల లెక్కన కడతారు. నిలకడగా ఉన్న బరువు వేరు, తలపై నుంచి పడే బరువు వేరు. వసారాలోనే మందం ప్లైవుడ్ పలక, దాని మీద రబ్బరు చాప. చిన్న ప్లేట్లతో రాడ్ నేలకు మరీ దగ్గరవుతుంది. పెద్ద ప్లేట్లతో అది 22 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. అందుకని రెండు వైపులా చెక్క దిమ్మెలు పేర్చాడు. బెంచ్ పక్కన, చేయి తప్పితే రాడ్‌ను ఆపే కడ్డీలున్న స్టాండ్ ఒకటి తప్పదని పట్టుబట్టాను. రకరకాల తాళ్ళూ కప్పీలూ ఉన్న యంత్రం మీద వాడికి ఇంకా మనసుంది. నాకు లేదు.

కార్తీకం వానలకు సంగంలో ఇనుము రాత్రికి రాత్రే ఎర్రబడుతుంది. ఇప్పుడు వాడు ఆదివారాలు తొడుగుల్లో కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేసి, ప్లేటును వేలితో తోసి, ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్కపెడతాడు. సిమెంటు డబ్బాలను పైపు మధ్యకు కోసి విడదీశాడు. కోతల రోజుల్లో రోడ్డు పక్కన ఆరబోసిన వడ్ల మీద పట్ట కప్పితే, గాలికి లేవకుండా రెండు మూలలా అవే ఉంటాయి.