చలిలో పెళ్లి... వేడిగా విందు

మెనూలో ఎన్ని రకాలున్నా విస్తట్లో పడేసరికి చల్లారిపోతే అతిథికి గుర్తుండేది ఆ చల్లదనమే. చలికాలం పెళ్లి పెట్టుకున్నవాళ్లు వంటల జాబితా కన్నా ముందు ఆలోచించాల్సింది పొయ్యికీ విస్తరికీ మధ్య దూరం గురించి.

దీపావళి వెళ్లాక మొదలైన పెళ్లిసందడి డిసెంబరు మధ్యలో ధనుర్మాసం రాగానే ఆగుతుంది. సంక్రాంతి దాటి మాఘం వస్తేగానీ మళ్లీ బాజాలు మోగవు. ఉన్న కొద్ది ముహూర్తాలకే అందరూ పోటీ. అందుకే పేరున్న వంటమాస్టరు కావాలంటే శుభలేఖలు అచ్చుకు ఇవ్వకముందే అడ్వాన్సు ఇచ్చేయాలి.

కాలానికి తగ్గ కూరలు

మామిడికాయ పప్పూ, మామిడికాయ పులిహోరా వేసవి పెళ్లిళ్లకు వదిలేయండి. ఇప్పుడు ఉసిరికాయ పులిహోర, చింతకాయ పచ్చడి, చిక్కుడుకాయ కూర, పచ్చిబఠాణీ వేసిన కాలీఫ్లవర్ ఉన్నాయి. గోదావరి జిల్లాల వారికి కంద బచ్చలి ఉండనే ఉంది. ఉలవచారుకు ఇంతకన్నా మంచి కాలం లేదు. తెలంగాణ పెళ్లిళ్లలో జొన్నరొట్టె, సర్వపిండి అక్కడికక్కడే కాల్చి పెడితే ఆ పొయ్యి దగ్గరే జనం గుమిగూడతారు. మాంసాహార విందైతే హైదరాబాదీ మరగ్‌తో మొదలుపెట్టండి. ఐస్‌క్రీం తగ్గించి వేడి జిలేబీ, క్యారెట్ హల్వా, బాదంపాలు పెట్టండి.

బియ్యం విషయంలో మాత్రం జాగ్రత్త. ఖరీఫ్ పంట అప్పుడే బజారుకొస్తుంది. కొత్తబియ్యం అన్నం ముద్దవుతుంది కనుక పాతబియ్యమే కావాలని ముందే చెప్పాలి. రకాలు ఎక్కువగా ఉన్న శాకాహార భోజనానికి వందమందికి పది పన్నెండు కిలోల బియ్యం సరిపోతుంది.

చలి పెట్టే చిక్కులు

చలికి పెరుగు త్వరగా తోడుకోదు. పాలు గోరువెచ్చగా ఉండగానే కాస్త ఎక్కువ తోడువేసి, గిన్నెల చుట్టూ గోనెసంచులు కప్పాలి. ఇడ్లీపిండి పులవడానికీ ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి రుబ్బే పని ముందుకు జరపాలి. నెయ్యి పేరుకుంటుంది. దాని గిన్నెను వేడినీళ్లలో ఉంచితేనే వడ్డనకు పనికొస్తుంది. పులిహోర, బూరెలు చల్లారినా రుచి చెడవు. గారెలు, బజ్జీలు, పూరీలు మాత్రం బంతి బంతికీ వేయించాల్సిందే.

లాన్‌లో బఫే అయితే గాలి తగలకుండా పక్కలకు తెరలు కట్టించండి. పాత్రల కింద మంట చివరి అతిథి వరకూ ఆరకూడదు. పెద్దవాళ్ల కోసం లోపల ఒక బంతి వేయించి, తాగడానికి వేడినీళ్లు పెట్టించండి.

కాగితం మీద పెట్టాల్సినవి

ముహూర్తం అర్ధరాత్రయితే వచ్చినవారిలో చాలామంది ఏడెనిమిది గంటలకే భోంచేసి వెళ్లిపోతారు. తెల్లవారే వరకూ ఉండేది దగ్గరి బంధువులే. కాబట్టి రాత్రి భోజనాలకూ, మధ్యలో కాఫీ టీలకూ, ఉదయం టిఫిన్లకూ లెక్క వేర్వేరుగా కట్టాలి. ప్లేటు రేటు మాట్లాడేటప్పుడే గ్యాసు, నీళ్లు, వడ్డించేవాళ్ల ఖర్చు ఎవరిదో రాయించుకోండి. కేటరర్‌కు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు ఉందో లేదో చూడండి. ప్లేట్ల లెక్కకు ఇంట్లోవాళ్లనొకరిని నిలబెట్టండి.

చలే కదా, పాడవదులే అన్న ధీమా వద్దు. మిగిలిన అన్నం, కూరలు గంటల తరబడి బయట ఉంచితే ఈ కాలంలోనూ చెడతాయి. రాబిన్ హుడ్ ఆర్మీ లాంటి స్వచ్ఛంద సంస్థలతో ముందే మాట్లాడుకుంటే, వేడి తగ్గకముందే అవి ఆకలిగా ఉన్నవాళ్లకు చేరతాయి.

చివరగా ఒక్క మాట. మెనూలోంచి నాలుగు రకాలు కొట్టేయండి. ఆ డబ్బుతో గారెల పొయ్యి దగ్గర ఇంకో మనిషినీ, వడ్డనకు మరో ఇద్దరినీ పెట్టండి. చలికాలం విందులో మర్యాదంటే అదే.