ఇంటివద్దనే వృద్ధుల సంరక్షణము: తోడుండు ఆయా

వార్ధక్యము వ్యాధి కాదు. అయినను వయస్సు పైబడినకొలది స్నానము చేయుట, మెట్లెక్కుట, వేళకు మందు పుచ్చుకొనుట మున్నగు నిత్యకృత్యములలో ఒకరి ఆసరా అవసరమగును. అది ఇంటివద్దనే లభించినచో పెక్కుమంది వృద్ధులు తమకు అలవాటైన ఇంటిని, ఇరుగుపొరుగును విడువక కాలము గడుపగలరు. ఇందుకై రేయింబవళ్లు ఇంటనే ఉండు సహాయకురాలిని నియమించుకొనువారు కొన్ని నియమములు తెలిసికొనవలెను. వానిని ఇచట వివరించుచున్నాము.

ఖరగ్‌పూరు తెలుగు కుటుంబములు

1887 లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఖరగ్‌పూరున పెద్ద కార్ఖానాను నెలకొల్పినది. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి తెలుగువారు అనేకులు ఆ కొలువులకై వచ్చి అచటనే స్థిరపడిరి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వము తెలుగును అధికార భాషలలో చేర్చుటకు నిర్ణయించుటకు ఈ ఊరి తెలుగు జనమే ముఖ్య కారణము.

ఉద్యోగ విరమణానంతరము రైల్వే క్వార్టరును ఖాళీ చేయవలసియుండును. అందుచే స్టేషనునుండి ఐ.ఐ.టి. వైపు పోవు దారిలోని పూరీ గేట్ వంటి పేటలలో విశ్రాంత ఉద్యోగులు నివాసము లేర్పరచుకొనుట కలదు. బిడ్డలు ఉద్యోగములకై హైదరాబాదునకో బెంగుళూరునకో పోయినపుడు ఇంట ముసలి దంపతులు మాత్రమే మిగులుదురు. వారిలో ఒకరు మంచము పట్టినచో రెండవవారి శక్తి చాలదు. అప్పుడే ఆయా అవసరమగును. బెంగాలు పట్టణములలో ఇట్టివారిని పంపు ఆయా సెంటరులు కలవు. కొందరు పగలో, రాత్రియో పండ్రెండు గంటలు పనిచేయుదురు. కొందరు ఇంటనే ఉందురు.

నియమించుటకు ముందు

మొదట వృద్ధులు తామై చేసికొనగల పనులు ఏవి, సహాయము కావలసినవి ఏవి అని వేరువేరుగ వ్రాసికొనవలెను. చేయగల పనిని సైతము ఆయాయే చేసిపెట్టుట మేలు కాదు. నడవనీయక కూర్చుండబెట్టినచో కండలు క్షీణించి కొలదివారములలోనే నడక తప్పును. తోడుండి నడిపించుటయే నిజమైన సేవ.

నియమింపబడు వ్యక్తి పదునెనిమిదేండ్లు నిండినవారై యుండవలెను. గుర్తింపు పత్రముల నకళ్లు తీసికొని పోలీసు స్టేషనులో వివరములు తెలుపవలెను. జీతము, సెలవుదినము, చేయవలసిన పనులు కాగితముపై వ్రాసి ఇరువురును ఉంచుకొనవలెను. శిక్షణ లేనివారిచే సూదిమందు వేయించుట, గొట్టములు మార్పించుట ప్రమాదకరము.

భాష విషయమున జాగ్రత్త

ఖరగ్‌పూరు తెలుగు వృద్ధులు బెంగాలీ, హిందీ మాటలాడగలరు గనుక భాష అడ్డు కాదని తలచుట పొరపాటు. మతిమరుపు వ్యాధి ముదిరినపుడు తరువాత నేర్చిన భాషలు ముందుగా జారిపోయి, చిన్ననాటి భాషయే మిగులుట తరచుగ జరుగును. "దాహం", "నొప్పి", "కళ్లు తిరుగుతున్నాయి", "ఆయాసం" అను మాటలు ఆయాకు తెలియనిచో బాధ బాధగనే ఉండిపోవును. రోగి మొండివాడని పేరు వచ్చును. కావున ఇట్టి మాటలు ఇరువదింటిని ఆయా చదువగల లిపిలో వ్రాసి గోడపై అంటింపవలెను. ఆమె "మాసీమా" అని పిలిచినను, "మామ్మా" అని పిలిచినను ఆప్యాయమే. కాని నొప్పి ఎచటనో అడుగుటకు తెలుగు మాట కావలెను.

నిత్యము గమనింపవలసినవి

1. మంచమునుండి లేచునపుడు ఒకటి రెండు నిమిషములు కూర్చుండి పిమ్మట నిలువవలెను. రాత్రివేళ మరుగుదొడ్డి దారిలో దీపముండవలెను. స్నానపు గదిలో పట్టుకొనుటకు కమ్మీ అమర్చి, నేలను తడి లేకుండ ఉంచవలెను.

2. మంచము పట్టినవారిని రెండు గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పవలెను. మడమలు, తుంటి, నడుము క్రింది భాగము దినమును చూడవలెను. నొక్కినను పోని ఎరుపు కనబడినచో అది పుండునకు తొలి గుర్తు.

3. వృద్ధులకు దప్పిక తెలియుట తగ్గును. ఖరగ్‌పూరు వేసవిలో అడుగకున్నను నీరు కొంచెము కొంచెముగ ఇచ్చుచుండవలెను. గుండె, మూత్రపిండముల జబ్బు కలవారికి వైద్యుడు చెప్పిన కొలత పాటింపవలెను.

4. నిటారుగ కూర్చుండబెట్టియే అన్నము పెట్టవలెను. తినిన పిమ్మట అరగంట పరుండనీయరాదు.

5. మందుల పేరు, వేళ, మోతాదు కాగితముపై ఉండవలెను. ఒకపూట మరచినచో మరుపూట రెట్టింపు ఇయ్యరాదు.

మూతి వంకరపోవుట, ఒక చేయి పడిపోవుట, మాట తడబడుట కనబడినచో క్షణమైనను జాగు చేయక ఆసుపత్రికి చేర్చవలెను. మెదడులో రక్తము గడ్డకట్టి వచ్చిన పక్షవాతమునకు ఆ గడ్డను కరిగించు మందు సాధారణముగ నాలుగున్నర గంటలలోపలనే పనిచేయును. హఠాత్తుగ మతి చలించుటయు వయోధర్మమని ఉపేక్షింపరాదు. మూత్రనాళములలో అంటు, ఒంట నీరు తగ్గుట మున్నగునవి దానికి కారణములు కావచ్చును.

ఆయా ఆరోగ్యము

రాత్రి మూడుసార్లు లేచినవారిచే పగలంతయు పని చేయించుట తగదు. నిద్ర లేని చేతులలోనుండియే రోగి జారిపడును. ఆమెకు ప్రత్యేకమైన పడక, వేళకు భోజనము, పగటిపూట విశ్రాంతి, వారమునకొక సెలవు ఉండవలెను. సెలవునాడు ఎవరు చూచుకొందురో ముందుగనే నిర్ణయింపవలెను.

ఉన్న సహాయములు

పదవీ విరమణ చేసిన రైల్వే ఉద్యోగులకు ప్రత్యేక వైద్య పథకము కలదు. అందు చేరినవారు రైల్వే ఆసుపత్రిలో చికిత్స పొందవచ్చును. 80 ఏండ్లు నిండిన కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులకు మూల పింఛనుపై 20 శాతము అదనముగ లభించును. 85 ఏండ్లకు అది 30 శాతమగును. ఆయా జీతమునకు ఇది కొంత ఆదరువు. 2007 నాటి వయోవృద్ధుల పోషణ చట్టము ప్రకారము తలిదండ్రులను దిక్కులేకుండ విడుచుట శిక్షార్హము. వృద్ధుల జాతీయ సహాయవాణి సంఖ్య 14567.

ఆయా వచ్చినంతమాత్రమున బిడ్డల బాధ్యత తీరదు. దూరముననున్నవారు దినమున కొకసారి తలిదండ్రులతోను, వారమున కొకసారి ఆయాతో విడిగాను మాటలాడవలెను. ఇంట జరుగు పొరపాటును, పడరాని కష్టమును మొదట తెలిపెడువారు వారే.