తెర మీద పేరు, లోపల పేరు



నేను మన గురుకులంలోనే పదో తరగతి దాకా చదివి, ఇప్పుడు పాలిటెక్నిక్‌లో కంప్యూటర్లు నేర్చుకుంటున్నాను. సెలవుల్లో ఇక్కడికి వస్తే, మన గోడ పత్రికకు ఏదైనా రాయమని సారు అడిగారు. గొప్పలు రాయడం కన్నా నేను చేసిన తప్పు ఒకటి రాస్తే మీకు పనికొస్తుందనిపించింది.

బడి తెరిచిన వారంలో నోటు పుస్తకాలు పంచాలి. దానికోసం సి భాషలో చిన్న ప్రోగ్రాం రాశాను. ముందుగా అందరి పేర్లు తెలుగులో ఎక్కించాలి. పంచేటప్పుడు పేరు కొడితే ఎన్ని పుస్తకాలు ఇవ్వాలో అది చెబుతుంది. ప్రోగ్రాం ఉన్నది లైనక్స్ నడిచే పెద్ద కంప్యూటర్లో. నేను మాత్రం గది చివర ఉన్న పాత కంప్యూటర్ దగ్గర కూర్చుని, ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా పెద్దదానిలోకి వెళ్లి పేర్లు ఎక్కించాను.

మర్నాడు పెద్ద కంప్యూటర్ దగ్గరే కూర్చుని పంచుతున్నాను. ఆరో తరగతి పిల్లవాడొకడు వచ్చాడు. పేరు మహానంది. పేరు కొట్టాను. ‘ఈ పేరు లేదు’ అంది ప్రోగ్రాం. మళ్లీ కొట్టాను. లేదు. వెనకాల వరుస పెరుగుతోంది. వాడు మెల్లగా అడిగాడు: “అన్నా, నా పేరు కంప్యూటరుకు రాదా?”

ఆ మాట నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. మన గూడేల పిల్లల పేర్లు ఒక్కో కాగితంలో ఒక్కో రకంగా ఉంటాయి. ఒక్క అక్షరం తేడా వస్తే ఎన్నిసార్లు తిరగాలో మన అమ్మానాన్నలకు తెలుసు. ఇప్పుడు అదే పని నా చేత్తో నేనే చేశాను. వాడికి పుస్తకాలు చేతికిచ్చి పంపించి, రాత్రి తప్పు వెతకడానికి కూర్చున్నాను.

అసలు సంగతి తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి. వెనకటి రోజుల్లో కంప్యూటర్‌కు టెలిటైప్ అనే టైపు మిషన్‌ను వైరుతో తగిలించేవారు. 1963లో వచ్చిన మోడల్ 33 అలాంటిదే. ఇటు మనిషి కొడితే అటు కంప్యూటర్‌కు చేరేది, జవాబు కాగితం మీద పడేది. తర్వాత కాగితం బదులు తెర ఉన్న టెర్మినళ్లు వచ్చాయి. 1978 నాటి వీటీ100 వాటిలో పేరున్నది. 1969లో బెల్ ల్యాబ్స్‌లో మొదలైన యూనిక్స్ ఈ మిషన్లను చూసి పెరిగింది. అందుకే లైనక్స్‌లో ఈనాటికీ టెర్మినల్‌ను ‘టీటీవై’ అంటారు. అది టెలిటైప్‌కు పొట్టి పేరు.

ఇప్పుడు ఆ మిషన్ లేదు, వైరు లేదు. కానీ ప్రోగ్రాములు మాత్రం ఎదురుగా టెర్మినల్ ఉందనే అనుకుంటాయి. అందుకని కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టం నడుమ భాగం, ఒక ఉత్తుత్తి టెర్మినల్‌ను తయారుచేసి ఇస్తుంది. దాని పేరే సూడో టెర్మినల్. 1983లో వచ్చిన 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌లో కూడా ఇది ఉంది.

దీనికి రెండు కొసలు. పుస్తకాల్లో మాస్టర్, స్లేవ్ అని రాస్తారు. యజమాని, బానిస అనే ఆ పేర్లు నాకు నచ్చవు. నేను బయటి కొస, లోపలి కొస అంటాను. బయటి కొసను ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ గానీ, తెర మీది కిటికీ గానీ పట్టుకుంటుంది. లోపలి కొసకు మన ప్రోగ్రాం తగులుకుంటుంది. లైనక్స్‌లో ‘టీటీవై’ అని కొట్టి చూడండి, ‘/డెవ్/పీటీఎస్/0’ లాంటి జవాబు వస్తుంది. అదే లోపలి కొస పేరు.

అయితే ఇది ఉత్త గొట్టం కాదు. మధ్యలో ఒకరున్నారు. దాన్ని లైన్ డిసిప్లిన్ అంటారు. మన మెస్‌లో కిటికీ దగ్గర నిలబడే మెస్ కమిటీ అన్నను తలుచుకోండి. “రెండు చపాతీ” అంటే ఆయన గట్టిగా “రెండు” అని మనకే తిరిగి చెబుతాడు. “కాదన్నా, మూడు” అంటే రెండు కొట్టేస్తాడు. “అంతే” అన్నాకే లోపలికి కేక వేస్తాడు. వంటమనిషికి మన దిద్దుబాట్లు వినబడనే వినబడవు. లైన్ డిసిప్లిన్ కూడా అంతే. మనం కొట్టిన అక్షరాన్ని తెరకు తిప్పి పంపేది అదే. బ్యాక్‌స్పేస్ నొక్కితే చెరిపేది అదే. ఎంటర్ నొక్కాకే వరుస మొత్తాన్ని ప్రోగ్రాంకు ఇస్తుంది. కంట్రోల్-సి నొక్కితే ప్రోగ్రాంను ఆపమని సిగ్నల్ పంపేది కూడా అదే. పాస్‌వర్డ్ అడిగేటప్పుడు తెర మీద ఏమీ పడకపోవడానికి కారణం, ప్రోగ్రాం దానికి “తిరిగి చెప్పొద్దు” అని చెప్పి ఉంచడమే.

అంటే తెర మీద మనం చూసేది ప్రోగ్రాంకు అందింది కాదు, మధ్యవాడు మనకు తిరిగి చెప్పింది. నా తప్పు ఇక్కడే దొరికింది.

1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక ఇంగ్లీషు అక్షరానికి 1 బైటు చాలు. తెలుగులో అక్షరానికి 3, గుణింతపు గుర్తుకు 3, సున్నకు 3. మహానంది అంటే మ, హ, దీర్ఘం, న, సున్న, ద, గుడి. మొత్తం 7. అంటే 21 బైట్లు. ఆ రోజు నేను చివర పొరపాటున ‘క’ కొట్టి, బ్యాక్‌స్పేస్ నొక్కాను. తెర మీద ‘క’ పోయింది. కానీ మధ్యవాడు ఒక్క బైటే చెరిపాడు. బైటుకొక అక్షరం అనే ఇంగ్లీషు లెక్క అతనిది. మిగతా 2 బైట్లు కనబడకుండా పేరు వెనకాల ఉండిపోయాయి. ఫైలును ‘ఓడీ’ ఆదేశంతో విప్పి చూస్తే 21కి బదులు 23 ఉన్నాయి.

మధ్యవాడికి యూటీఎఫ్-8 లెక్క నేర్పే మీట ఉంది. దాని పేరు ఐయూటీఎఫ్8. 2004లోనే లైనక్స్‌లో చేరింది. అయితే ఎస్‌ఎస్‌హెచ్‌తో వేరే కంప్యూటర్లోకి వెళ్లినప్పుడు, సూడో టెర్మినల్ అక్కడ కొత్తగా పుడుతుంది. ఈ మీట సంగతి అక్కడికి చేరవేసే ఏర్పాటు ప్రమాణంగా 2017లో గానీ రాలేదు. పాత కంప్యూటర్లోని పాత ఎస్‌ఎస్‌హెచ్‌కు అది తెలియదు.

‘ఎస్‌టీటీవై -ఎ’ అని కొట్టి చూశాను. ఐయూటీఎఫ్8 ముందు చిన్న గీత ఉంది. గీత ఉంటే మీట ఆపి ఉందని అర్థం. ‘ఎస్‌టీటీవై ఐయూటీఎఫ్8’ అని కొట్టాను. గీత పోయింది. వెతికితే ఇంకో రెండు పేర్లకూ ఇలాంటి తోకలే దొరికాయి. అన్నీ దిద్దాను. సగం విరిగిన అక్షరం వస్తే తీసుకోకుండా ‘మళ్లీ కొట్టండి’ అని అడిగేలా ప్రోగ్రాంనూ మార్చాను.

మన మహానంది కోనేట్లో అడుగున పడ్డ రూపాయి బిళ్ల కూడా పైకి కనిపిస్తుంది. కంప్యూటర్ తెర అలాంటిది కాదు. పైన కనిపించేది వేరు, అడుగున ఉన్నది వేరు కావచ్చు. అందుకే పేర్లు ఎక్కించేవాళ్లు ఎంటర్ కొట్టి లేచిపోకూడదు. ఫైలును మళ్లీ తెరిచి, ప్రతి పేరునూ ఒకసారి వెతికి చూడాలి.

మర్నాడు ఆ పిల్లవాణ్ణి పిలిచి కీబోర్డు ముందు కూర్చోబెట్టాను. తన పేరు తనే కొట్టుకున్నాడు. ‘ఆరు పుస్తకాలు’ అని వచ్చింది. “వచ్చిందన్నా!” అని వాడు అరిచిన అరుపు వరండా దాకా వినబడింది.

– మీ పూర్వ విద్యార్థి