ఆంగ్ల భాషలో ప్రాసపదాలు

ఆంగ్ల భాషలో చివరి ధ్వనులు ఒకే విధంగా వినిపించే పదాలను ప్రాసపదాలు అంటారు. ఆంగ్లంలో వీటికి రైమింగ్ వర్డ్స్ అని పేరు. క్యాట్ (పిల్లి), హ్యాట్ (టోపీ), మ్యాట్ (చాప), ర్యాట్ (ఎలుక) అనేవి శిశుతరగతుల నుండి అందరికీ పరిచయమైన ఉదాహరణలు. ఇటువంటి పదాల మధ్య అర్థసంబంధం ఉండవలసిన పని లేదు. పిల్లికీ టోపీకీ ఏ పొత్తూ లేదు. వాటిని కలిపేది ధ్వని మాత్రమే. పద్యరచనకు, పాటలకు, పసిపిల్లలకు చదువు చెప్పడానికి ఈ పదాలు ఉపయోగపడతాయి. ఆంగ్లాన్ని పుస్తకం ద్వారా నేర్చుకునే తెలుగు విద్యార్థికి మరొక ప్రయోజనం కూడా ఉంది. అక్షరక్రమం చూసి ఉచ్చారణ చెప్పలేని భాషలో, తెలియని మాటను ఎలా పలకాలో తెలిసిన మాటతో ప్రాస కట్టి చెప్పడం సులభమైన మార్గం.

నియమాలు

రెండు పదాలకు పూర్ణప్రాస కుదరాలంటే వాటిలో ఊనిక పడే చివరి అచ్చు ఒకటే కావాలి, ఆ అచ్చు తరువాత వచ్చే ధ్వనులన్నీ ఒకటే కావాలి, దానికి ముందున్న హల్లు మాత్రం వేరు కావాలి. డే (రోజు), ప్లే (ఆట), గ్రే (బూడిద రంగు) అనే మాటలలో ఈ నియమం స్పష్టంగా కనిపిస్తుంది. ముందున్న హల్లు కూడా ఒకటే అయితే అది ప్రాస కాదు. చూచుట అనే అర్థం గల సీ, సముద్రం అనే అర్థం గల సీ ఒకే విధంగా పలుకుతాయి గనుక అవి సమధ్వని పదాలు అవుతాయి గాని ప్రాసపదాలు కావు.

ఊనిక అనే అంశం తెలుగువారికి కొత్త. తెలుగులో ఒక పదంలోని ఏ అక్షరాన్ని నొక్కి పలికినా అర్థం మారదు. ఆంగ్లంలో నొక్కు పడే చోటు పదంలో భాగమే. లిమిట్ (హద్దు) అనే మాటలో నొక్కు మొదటి అక్షరం మీద పడుతుంది. కమిట్ (నేరం మొదలైనవి చేయుట) అనే మాటలో రెండవ అక్షరం మీద పడుతుంది. కాగితం మీద రెండింటికీ చివర మిట్ అనే ఉన్నా వీటికి ప్రాస కుదరదు. కమిట్‌కు సరిపోయేది పర్మిట్ (అనుమతించుట) అనే క్రియ. అదే పర్మిట్ నామవాచకమై అనుమతిపత్రం అనే అర్థంలో వచ్చినప్పుడు నొక్కు మొదటికి జరుగుతుంది, దానితో ప్రాస కూడా చెడుతుంది.

ఒక్క అక్షరంతో ముగిసే ప్రాసను పురుషప్రాస అని, నొక్కు పడిన అక్షరం తరువాత మరొక తేలిక అక్షరం ఉంటే స్త్రీప్రాస అని ఆంగ్ల ఛందస్సులో వ్యవహరిస్తారు. మదర్ (తల్లి), బ్రదర్ (సోదరుడు). ట్రబుల్ (చిక్కు), బబుల్ (బుడగ) అనేవి రెండవ రకానికి చెందుతాయి.

తెలుగు ప్రాసతో పోలిక

తెలుగు ఛందస్సులో ప్రాస అంటే పద్యపాదాలలోని రెండవ అక్షరపు హల్లు అన్ని పాదాలలోనూ ఒకటిగా ఉండడం. ఆంగ్ల ప్రాస పాదం చివర వస్తుంది. కనుక ఆంగ్ల రైమ్‌కు సరైన తెలుగు మాట అంత్యప్రాస. వ్యవహారంలో రెండింటినీ ప్రాస అనే అంటున్నందువల్ల విద్యార్థులు తికమకపడడం సహజం.

అంత్యప్రాస తెలుగులో చాలా సులభం. వచ్చాడు, తెచ్చాడు, ఇచ్చాడు అని క్రియల చివరి ప్రత్యయాలే ప్రాసను సమకూరుస్తాయి. ఆంగ్లం తన ప్రాచీన ప్రత్యయాలలో అధికభాగాన్ని పోగొట్టుకున్నది. అందువల్ల అక్కడ కవి ధాతువుకు ధాతువు వెతుక్కోవాలి. ఇటాలియన్ భాషలో ప్రాసపదాలు సమృద్ధిగా ఉంటాయి. అక్కడి సానెట్‌లో మొదటి 8 పాదాలను 2 ప్రాసలతోనే నడుపుతారు, అంటే ఒక్కొక్క ప్రాసకు 4 పదాలు కావాలి. 16వ శతాబ్దంలో వయట్, సర్రే అనే కవులు ఈ రూపాన్ని ఆంగ్లంలోకి తెచ్చారు. తరువాత షేక్‌స్పియర్ పేరుతో స్థిరపడిన పద్ధతిలో 14 పాదాలకు 7 ప్రాసలు వాడతారు. ప్రతి ప్రాసకు 2 పదాలు దొరికితే చాలు. ఆంగ్లంలో ప్రాసల కొరతకు ఇది మంచి నిదర్శనం.

అసలు ప్రాచీన ఆంగ్ల కవిత్వంలో అంత్యప్రాస ప్రధానం కాదు. బేవుల్ఫ్ కావ్యం నడిచేది పదాల మొదటి హల్లుల కలయికతో, అంటే మన యతికి కొంత దగ్గరగా ఉండే పద్ధతిలో. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత ఫ్రెంచి ప్రభావంతో అంత్యప్రాస వేళ్లూనుకున్నది. 14వ శతాబ్దంలో చాసర్ దానిని ప్రౌఢంగా వాడాడు. మిల్టన్ మాత్రం 1667లో వెలువడిన పారడైజ్ లాస్ట్‌ను ప్రాస లేకుండా రచించి, మరుసటి సంవత్సరం చేర్చిన ఒక వివరణలో ప్రాసను సంకెల వంటిదిగా భావించి తిరస్కరించాడు. తెలుగులో గురజాడ అప్పారావు 1910లో ముత్యాల సరాలతో ప్రాస నియమాన్ని వదలిపెట్టడాన్ని ఇక్కడ గుర్తు చేసుకోవచ్చు.

అక్షరక్రమం, ధ్వని

ఆంగ్లంలో ప్రాసను నిర్ణయించేది చెవి, కన్ను కాదు. లైట్ (వెలుగు, తేలికైన), నైట్ (రాత్రి), ఫైట్ (పోరాటం), సైట్ (చూపు), టైట్ (బిగుతైన), బ్రైట్ (ప్రకాశవంతమైన) అనే మాటలను ఒకే రకమైన అక్షరాలతో వ్రాస్తారు. బైట్ (కొరుకుట), కైట్ (గాలిపటం), వైట్ (తెల్లని), హైట్ (ఎత్తు) అనే వాటి వ్రాత వేరు. అయినా ఇవన్నీ ఒకే ప్రాసకు చెందుతాయి. హైట్‌ను వ్రాసినట్లే వ్రాసే వెయిట్ (బరువు) మాత్రం ఈ గుంపులో చేరదు. దానికి గేట్ (ద్వారం), లేట్ (ఆలస్యం), ఎయిట్ (ఎనిమిది) తోడు.

ఈ విషయంలో విద్యార్థులను ఎక్కువగా బాధించేది ఓ, యు, జి, హెచ్ అనే నాలుగు అక్షరాల కూడిక. అవి చివర ఉన్న దో (అయినప్పటికీ) అనే మాట గోతో, త్రూ (గుండా) అనే మాట బ్లూతో, కాఫ్ (దగ్గు) అనే మాట ఆఫ్‌తో, రఫ్ (గరుకైన), టఫ్ (కఠినమైన) అనే మాటలు స్టఫ్‌తో, బౌ (చెట్టు కొమ్మ) అనే మాట కౌతో ప్రాస కుదురుతాయి. వీటికి సూత్రం ఏదీ లేదు, ఒక్కొక్కటిగా జ్ఞాపకం పెట్టుకోవలసిందే. డచ్చి ఉపాధ్యాయుడు గెరార్డ్ నోల్స్ట్ ట్రెనిటే ఇటువంటి మాటలను వందల సంఖ్యలో కూర్చి ది కేయాస్ అనే పద్యం వ్రాశాడు. 1920లో ప్రచురితమైన ఆ పద్యాన్ని తప్పు లేకుండా చదవడం ఆంగ్లేయులకే కష్టం.

చూపుకు ఒకటిగా ఉండి చెవికి వేరుగా వినిపించే జంటలను కన్నుప్రాసలు అంటారు. లవ్ (ప్రేమ), మూవ్ (కదులుట), స్టోవ్ (పొయ్యి) అనే మూడింటి చివర వ్రాతలో ఒకే మూడు అక్షరాలు ఉంటాయి. ఉచ్చారణలో మాత్రం లవ్‌కు గ్లవ్ (చేతితొడుగు), డవ్ (పావురం) జోడు కాగా, మూవ్‌కు ప్రూవ్ (నిరూపించుట), స్టోవ్‌కు డ్రోవ్ (తోలెను) జోడవుతాయి.

ఈ గందరగోళానికి ముఖ్యకారణం చారిత్రకమైనది. సుమారు 1400 నుండి 1700 వరకు ఆంగ్లంలోని దీర్ఘాచ్చులన్నీ క్రమంగా స్థానం మారాయి. భాషాశాస్త్రవేత్త యెస్పర్సన్ దీనికి మహా అచ్చుల మార్పు అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. అదే కాలంలో అచ్చుయంత్రం వచ్చి పాత వ్రాతను స్థిరపరచింది. నాలుక ముందుకు పోయింది, కలం వెనుకనే నిలిచిపోయింది. బ్లడ్ (రక్తం), ఫుడ్ (ఆహారం), గుడ్ (మంచి) అనే మూడు మాటలలోనూ చాసర్ కాలంలో ఒకే దీర్ఘ ఓకారం ఉండేది. నేటికీ మూడింటినీ రెండు ఓలతో వ్రాయడం దాని గుర్తే. ఇప్పుడు మొదటిది మడ్ (బురద) తోను, రెండవది దీర్ఘంతో మూడ్ (మనఃస్థితి) తోను, మూడవది హ్రస్వంతో వుడ్ (కలప) తోను ప్రాస కుదురుతాయి.

ఇందువల్ల పాత కవుల ప్రాసలు నేడు తప్పుగా తోచడం కద్దు. షేక్‌స్పియర్ 116వ సానెట్ చివరి రెండు పాదాలలో ప్రూవ్డ్, లవ్డ్ అనే మాటలను జత చేశాడు. ఆయన కాలంలో ఇవి సరిగా కుదిరేవని ఆనాటి ఉచ్చారణను పునర్నిర్మించిన డేవిడ్ క్రిస్టల్ అభిప్రాయం. 2004లో లండన్‌లోని గ్లోబ్ నాటకశాల ఆయన సహాయంతో రోమియో అండ్ జూలియెట్‌ను ఆ పాత ఉచ్చారణలోనే ప్రదర్శించింది. అలెగ్జాండర్ పోప్ 18వ శతాబ్దం ఆరంభంలో టీ అనే మాటను ఒబే (విధేయత చూపుట) తో ప్రాస కట్టాడు. అప్పట్లో ఆ పానీయాన్ని టే అని కూడా పలికేవారు. తెలుగులోని తేయాకు అనే మాటలో ఆ పాత ధ్వనికి దగ్గరి రూపం వినిపిస్తుంది. కవి తప్పు చేశాడనడానికి ముందు అతని కాలపు పలుకుబడిని విచారించడం న్యాయం.

ప్రాంతభేదాలు

ఒక దేశంలో కుదిరిన ప్రాస మరొక దేశంలో కుదరకపోవచ్చు. క్లర్క్ (గుమాస్తా) బ్రిటన్‌లో డార్క్ (చీకటి) తో, అమెరికాలో వర్క్ (పని) తో ప్రాస అవుతుంది. వేజ్ (పూలకూజా) అమెరికాలో ఫేస్ (ముఖం) తో ప్రాస కాగా, బ్రిటన్‌లో వాజ్ అనే పలుకుబడి వల్ల కార్స్‌తో జతపడుతుంది. 1835లో అమెరికాలోని బోస్టన్‌లో ప్రచురితమైన ఎ, బి, సి పాటలో చివరి అక్షరం జీ. అది బి, సి, డి లతో చక్కగా కలుస్తుంది. జెడ్ అని నేర్పే మన బడులలో ఆ పాట చివరికి వచ్చేసరికి ప్రాస తెగిపోతుంది.

దక్షిణ ఇంగ్లండులో హల్లుకు ముందు, పదం చివర వచ్చే రేఫను పలకరు. అందుచేత కీట్స్ థాట్స్ (ఆలోచనలు), సార్ట్స్ (రకాలు) అనే మాటలను జత చేయగలిగాడు. ఇటువంటివి అప్పట్లో మొరటు ప్రాసలుగా పరిగణింపబడేవి. 1818లో బ్లాక్‌వుడ్స్ పత్రిక కీట్స్‌ను, అతని మిత్రులను కాక్నీ కవులని ఎగతాళి చేసింది. రేఫను స్పష్టంగా పలికే తెలుగువారికి ఈ ప్రాస నేటికీ వినిపించదు.

తెలుగు ఉచ్చారణలో చిక్కులు

తెలుగులో లేని ధ్వనుల వల్ల కొన్ని ప్రాసగుంపులు తెలుగువారి నోట కలగాపులగమవుతాయి. రైస్ (బియ్యం), నైస్ (చక్కని), ప్రైస్ (ధర), ఐస్ (మంచుగడ్డ) ఒక గుంపు. రైజ్ (లేచుట), వైజ్ (వివేకం గల), ప్రైజ్ (బహుమానం), ఐజ్ (కళ్లు) మరొక గుంపు. రెండవ గుంపులోని చివరి ధ్వని సకారానికి నాదం చేర్చినది. తెలుగు లిపిలో జకారంతో వ్రాసినా అది మన జకారం కాదు. ధర, బహుమానం అనే రెండు మాటలనూ ఒకే విధంగా పలికితే వినేవారికి అర్థం తారుమారవుతుంది.

అలాగే కోట్ (కోటు), బోట్ (పడవ), వోట్ (ఓటు) ఒక ప్రాస. హాట్ (వేడి), నాట్ (కాదు) మరొకటి. కాట్ (పట్టుకొనెను), థాట్ (ఆలోచన) ఇంకొకటి. చివరి రెండు గుంపులలోని అచ్చులు వేరువేరైనా తెలుగు లిపి రెండింటికీ ఆకారాన్నే వాడుతుంది. లిపిని నమ్ముకుంటే ఇక్కడ మోసపోవలసి వస్తుంది.

భూతకాల క్రియల విషయంలో ప్రాస చాలా సహాయపడుతుంది. చివర ఇ, డి అక్షరాలు కనబడగానే ఎడ్ అని పలకడం తెలుగు మాధ్యమ విద్యార్థులలో తరచు కనిపించే దోషం. మిస్డ్ (తప్పిపోయెను) అనే మాట లిస్ట్‌తో, ప్యాక్డ్ (సర్దెను) అనే మాట ఫ్యాక్ట్ (వాస్తవం) తో, ప్లేడ్ (ఆడెను) అనే మాట మేడ్ (చేసెను) తో ప్రాస కుదురుతాయని చెబితే, మొదటి రెండింటి చివర టకారం, మూడవదాని చివర డకారం ఉన్నాయని వేరే సూత్రం లేకుండానే బోధపడుతుంది.

పసిపిల్లల చదువుకూ ప్రాసకూ గల సంబంధం పరిశోధనలలో కూడా తేలింది. లినెట్ బ్రాడ్లీ, పీటర్ బ్రయంట్ అనేవారు 1983లో నేచర్ పత్రికలో ప్రచురించిన వ్యాసంలో, బడి చదువుకు ముందు ధ్వనిసామ్యాన్ని గుర్తించగలిగిన పిల్లలు తరువాత చదవడంలో ముందంజ వేసినట్లు చూపారు.

ప్రాస దొరకని పదాలు

ఆంగ్లంలో కొన్ని సామాన్యపదాలకు ప్రాస దొరకదు. మంత్ (నెల) వీటిలో ఒకటి. సిల్వర్ (వెండి) అనే మాటకు ఆడ గొర్రెపిల్ల అనే అర్థం గల చిల్వర్ అనే అరుదైన మాట తప్ప దిక్కు లేదు. ఆరెంజ్ మాటకు వేల్స్‌లో బ్లోరెంజ్ అనే కొండ పేరును చూపుతారు. ఈ ఆరెంజ్ సంస్కృత నారంగ శబ్దం నుండి పారశీక, అరబ్బీ భాషల మీదుగా యూరప్ చేరినది. నారంగ శబ్దానికి మూలం ద్రావిడ భాషలలో ఉన్నదని పలువురి అభిప్రాయం. మన నారింజ ఈ కుటుంబంలోనిదే. తెలుగు పందికొక్కు నుండి ఆంగ్లంలోకి వెళ్లిన బ్యాండికూట్‌కు ఈ ఇబ్బంది లేదు. నొక్కు మొదటి అక్షరం మీద ఉన్నా, చివరి అక్షరాన్ని బట్టి రూట్ (వేరు), ఫ్రూట్ (పండు) లతో జత చేయవచ్చు.

కొరతను అధిగమించడానికి కవులు అసంపూర్ణ ప్రాసలను కూడా వాడారు. ఎమిలీ డికిన్సన్ వీటిని విరివిగా వాడింది. మొదటి ప్రపంచయుద్ధంలో 1918లో మరణించిన విల్ఫ్రెడ్ ఓవెన్ హాల్ (చావడి), హెల్ (నరకం) వంటి జంటలలో హల్లులను ఉంచి అచ్చులను మార్చాడు. కుదిరీ కుదరని ఆ ధ్వని యుద్ధభూమి వర్ణనకు బాగా నప్పింది.

ప్రాస నిఘంటువులు

పదాలను చివరి అక్షరాల క్రమంలో అమర్చిన నిఘంటువులు 16వ శతాబ్దం నుండి ఉన్నాయి. పీటర్ లెవిన్స్ 1570లో ఇటువంటి ఆంగ్ల–లాటిన్ పదకోశాన్ని వెలువరించాడు. జాన్ వాకర్ 1775లో ప్రచురించిన నిఘంటువు ఆ తరువాత అనేక ముద్రణలు పొందింది.

ప్రాసయాస, జంటపదాలు

19వ శతాబ్దంలో లండన్ తూర్పు ప్రాంతపు సామాన్యులలో ప్రాసయాస అనే వింత వాడుక పుట్టింది. చెప్పదలచిన మాటకు బదులు దానితో ప్రాస కుదిరే పదబంధాన్ని వాడతారు. స్టెయిర్స్ (మెట్లు) అనడానికి ఆపిల్స్ అండ్ పేర్స్ అంటారు. చాలాసార్లు ప్రాస కుదిరే భాగాన్నే వదిలివేస్తారు. లుక్ (చూపు) కోసం బుచర్స్ హుక్ (కసాయివాని కొక్కెం) అని పుట్టిన మాట చివరికి బుచర్స్‌గా మిగిలింది. హెడ్ (తల) కోసం వచ్చిన లోఫ్ ఆఫ్ బ్రెడ్ నుండి లోఫ్ మిగిలింది. రహస్యం తెలియనివారికి రొట్టెకూ తలకూ పొంతన దొరకదు. హాటెన్ 1859లో ప్రచురించిన యాసపదాల నిఘంటువులో ఈ వాడుకకు ప్రత్యేకంగా పట్టిక ఉంది. భారతీయ భోజనం బ్రిటన్‌లో వ్యాపించిన తరువాత కర్రీ అనే మాటకు 1950లలో ప్రసిద్ధురాలైన గాయని రూబీ మర్రీ పేరు ప్రాసగా వచ్చింది. అక్కడ రూబీ తిందామంటే కూర తిందామని అర్థం.

ఒకే పదంలో ప్రాస ఇమిడిన జంటపదాలు కూడా ఆంగ్లంలో అనేకం. వాకీటాకీ (చేతిలో పట్టుకొని మాట్లాడే రేడియో పరికరం), హోకస్‌పోకస్ (గారడీ మాటలు), హెల్టర్‌స్కెల్టర్ (చిందరవందర పరుగు) ఇందుకు ఉదాహరణలు. తెలుగులో పుస్తకం గిస్తకం, పని గిని అన్నప్పుడు రెండవ మాట మొదట ఎప్పుడూ గికారమో గీకారమో వస్తుంది, ఏ పదానికైనా అప్పటికప్పుడు జోడించవచ్చు. ఆంగ్లంలో అటువంటి స్థిరమైన అక్షరం లేదు. కనుక అక్కడి జంటపదాలను నిఘంటువు చూసి నేర్చుకోవలసి ఉంటుంది.