నలభై పేర్ల జాబితా

ప్రతి ఏడూ నవంబరు మధ్యలో ఒక రోజు సాయంత్రంలోపు అమెరికా, కెనడాల్లోని 30 మేజర్ లీగ్ బేస్‌బాల్ జట్లూ తమ జాబితాలు ఖరారు చేసుకోవాలి. ఒక్కో జాబితాలో 40 పేర్లకు మించకూడదు. అప్పటికి ఆటలు ముగిసి రెండు మూడు వారాలవుతుంది. స్టేడియాలకు తాళాలు పడి ఉంటాయి. ఊరంతా టీవీ ముందు కూర్చుని ఫుట్‌బాల్ చూస్తుంటుంది. నేను మాత్రం ఆఫీసు పని ముగించుకుని, ఆ జాబితాలోకి ఎవరెవరు వచ్చారో, ఎవరిని బయట వదిలేశారో చూసుకుంటూ ఉంటాను. జట్టు గెలుపోటములు సగం ఈ చలికాలంలోనే తేలిపోతాయని హ్యూస్టన్ ఆస్ట్రోస్‌ని ఇన్నేళ్ళుగా చూసిన మీదట నాకు నమ్మకం కుదిరింది.

మా ఇల్లు హ్యూస్టన్ పక్కనే షుగర్ ల్యాండ్‌లో. తెలుగు కుటుంబాలు బాగా ఉన్న ఊరు. ఆస్ట్రోస్ వాళ్ళ మైనర్ లీగ్ జట్లన్నిటిలోకీ పైమెట్టు జట్టు 2021 నుంచి మా ఊళ్ళోనే ఆడుతోంది. ఇప్పుడు దాని పేరు స్పేస్ కౌబాయ్స్. టికెట్టు చవక, ఆటగాళ్ళు చేతికందేంత దగ్గర. కంచె పక్కన నిలబడితే పిల్లల బంతుల మీద సంతకాలు చేస్తూ ఏ బడి, ఏ క్లాసు అని అడుగుతారు. 40 మందిలో పేరు లేని కుర్రాడికి ఆ మెట్టు మీద ఏడాదికి దొరికే కనీస జీతం, 2023లో కుదిరిన ఒప్పందం ప్రకారం, 35,800 డాలర్లు. అక్కడికి ఇరవై మైళ్ళ దూరంలో ఉన్న పెద్ద స్టేడియంలో ఆడితే 2025 లెక్కన కనీసం 7,60,000 డాలర్లు. నవంబరులో ఎవరో కలం పెట్టి రాసే ఒక పేరు ఆ కుర్రాడికి ఎంత పెద్ద విషయమో, వాళ్ళని దగ్గరగా చూస్తే తెలుస్తుంది.

క్రికెట్ చూసేవాళ్ళకు ఈ పద్ధతి కొత్తగా ఉంటుంది. ఐపీఎల్‌లో ఆఖరి స్థానంలో ఉన్న జట్టు కూడా వేలంలో నాలుగు పేర్లు కొనుక్కుని ఒక్క ఏడాదిలో మారిపోగలదు. సన్‌రైజర్స్ హైదరాబాద్ 2023లో అట్టడుగున నిలిచింది. ఆ డిసెంబరులో పాట్ కమిన్స్‌ని 20.5 కోట్లకు కొని, ట్రావిస్ హెడ్‌ని తెచ్చుకుని, మరుసటి ఏడాది ఫైనల్ ఆడింది. బేస్‌బాల్‌లో అలాంటి వేలం లేదు. స్కూలు, కాలేజీ కుర్రాళ్ళను డ్రాఫ్ట్‌లో ఎంచుకుంటారు. వెనిజువెలా, డొమినికన్ రిపబ్లిక్ లాంటి చోట్ల పదహారేళ్ళ పిల్లలతో సంతకం చేయించుకుంటారు. ఏళ్ళ తరబడి కిందిమెట్లలో ఆడిస్తారు. పైకొచ్చాక ఆరేళ్ళ సర్వీసు నిండేదాకా ఆ ఆటగాడి మీద హక్కు ఆ జట్టుదే. మొదటి మూడేళ్ళు చాలామందికి కనీస జీతానికి కాస్త అటూ ఇటూగానే ముడుతుంది. ఆ తర్వాత జీతం దగ్గర పేచీ వస్తే మధ్యవర్తుల ముందుకు వెళ్ళవచ్చు. అక్కడ ఆటగాడు ఒక అంకె చెబుతాడు, జట్టు ఒక అంకె చెబుతుంది. రెండిటిలో ఏదో ఒకదాన్నే మధ్యవర్తులు ఖాయం చేయాలి. మధ్యలో ఒక అంకె వేసే అధికారం వాళ్ళకు లేదు. తమ సొంత ఆటగాడికి అంత విలువ లేదని అతను వింటుండగానే జట్టు తరఫువాళ్ళు వాదించే ఆ గది గురించి చదివినప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. ఆరేళ్ళు నిండాక అతను స్వతంత్రుడు, ఎవరు ఎక్కువిస్తే వాళ్ళ దగ్గరికి పోవచ్చు.

ఇక ఆ 40 పేర్ల సంగతి. కిందిమెట్లలో నాలుగైదేళ్ళు ఆడిన కుర్రాణ్ణి జాబితాలో చేర్చకపోతే, డిసెంబరులో ఇంకే జట్టయినా లక్ష డాలర్లిచ్చి తీసుకుపోవచ్చు. అయితే వచ్చే సీజనంతా తన 26 మంది అసలు జట్టులో ఉంచుకోవాలి, లేకపోతే పాత జట్టుకు తిరిగి ఇవ్వజూపాలి. దీన్ని రూల్ 5 డ్రాఫ్ట్ అంటారు. 1954లో డాడ్జర్స్ ఇలాగే కాపాడుకోకుండా వదిలేసిన ప్యూర్టోరికో కుర్రాణ్ణి పిట్స్‌బర్గ్ పైరేట్స్ పట్టుకుపోయారు. అతను రొబెర్టో క్లెమెంటే, ఈ ఆట చూసిన మహామహుల్లో ఒకడు. ఆస్ట్రోస్‌కీ అలాంటి దెబ్బే తగిలింది. 1999 డిసెంబరులో వాళ్ళు జాబితాలో చోటివ్వని యోహాన్ సాంటానా మిన్నెసోటా ట్విన్స్ చేతికి చిక్కాడు. ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డును 2004లోనూ, 2006లోనూ అక్కడే గెలుచుకున్నాడు. 2005లో ఆస్ట్రోస్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ దాకా వెళ్ళి ఒక్క ఆటా గెలవకుండా ఓడిపోయినప్పుడు సాంటానా ఉంటేనా అనుకున్నవాళ్ళు హ్యూస్టన్‌లో చాలామంది.

ఆ ఓటమి తర్వాత జట్టు మెల్లమెల్లగా దిగజారింది. 2011లో 106 ఆటలు, 2012లో 107, 2013లో 111 ఓడిపోయారు. సీజనులో ఉండేవే 162 ఆటలు. 2011 చివర్లో జిమ్ క్రేన్ జట్టును కొన్నాడు. సెయింట్ లూయిస్ కార్డినల్స్ నుంచి జెఫ్ లూనోని జనరల్ మేనేజర్‌గా తెచ్చాడు. లూనో ఇంజనీరు, వ్యాపార సలహాదారుగా పనిచేసినవాడు. నాసాలో పనిచేసిన సిగ్ మైడాల్ అనే గణాంకాల నిపుణుణ్ణి తనతో పాటు తీసుకొచ్చాడు. జీతం ఎక్కువున్న పాతవాళ్ళను ఒక్కొక్కరినే బయటికి పంపారు. 2012 జులై ఒక్క నెలలోనే కార్లోస్ లీ మయామీకి, బ్రెట్ మయర్స్ షికాగోకి, వాండీ రొడ్రిగెజ్ పిట్స్‌బర్గ్‌కి వెళ్ళిపోయారు. బదులుగా వచ్చినవాళ్ళంతా ఎవరికీ తెలియని కుర్రాళ్ళు. 2013 సెప్టెంబరులో ఒక ఆటకు హ్యూస్టన్‌లో టీవీ రేటింగ్ సున్నా వచ్చింది. కేబుల్ తగాదాల వల్ల ఆ ఛానెల్ సగానికి పైగా ఇళ్ళలో రాకపోవడమూ అందుకు కారణమే. కానీ స్టేడియంలోనూ వరసలకు వరసలు ఖాళీగా ఉండేవి. ఆ రోజుల్లో మేం పిల్లవాణ్ణి తీసుకుని వెళ్ళేవాళ్ళం. చవక టికెట్టు కొని ఎంత ముందు వరసలో కూర్చున్నా లేవమనేవాళ్ళు లేరు.

ఆఖరి స్థానంలో ఉన్న జట్టుకు అప్పట్లో మరుసటి డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక దక్కేది. అందుకని కావాలని ఓడిపోయి, మంచి కుర్రాళ్ళను పోగుచేసి, 2017లో కప్పు కొట్టారన్నది అందరూ చెప్పే కథ. 2014 జూన్‌లో స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక 2017 చాంపియన్లు వీళ్ళేనని ముఖచిత్రం మీదే వేయడం, అది నిజం కావడం ఆ కథకు ఇంకా బలమిచ్చాయి. ఆ తర్వాత ఎన్నో జట్లు ఇదే దారి పట్టాయి. నాకు మాత్రం ఈ కథ మీద గట్టి అభ్యంతరం ఉంది. పేర్లు తీసి చూస్తే అది నిలబడదు.

వరసగా మూడేళ్ళు మొదటి ఎంపిక దక్కింది కదా. 2012లో తీసుకున్న కార్లోస్ కొరియా వజ్రమే. తక్కిన ఇద్దరిలో ఒక్కడూ ఆస్ట్రోస్ చొక్కాతో పెద్ద మైదానంలో అడుగు పెట్టలేదు. 2013లో ఎంచుకున్న మార్క్ ఆపెల్ గాయాలతో, నిరాశతో కొన్నాళ్ళు ఆటే మానేసి, 2022లో ఫిలడెల్ఫియా తరఫున మొదటిసారి పెద్ద లీగ్‌లో బంతి వేశాడు. 2014లో ఎంచుకున్న బ్రేడీ ఏకెన్ మోచేతి స్కానింగ్‌లో ఏదో తేడా కనిపించిందని, ముందు అనుకున్న 65 లక్షల డాలర్లు తగ్గించడంతో ఆ కుర్రాడు సంతకమే చేయలేదు. దానికి పరిహారంగా మరుసటి ఏడాది దక్కిన రెండో ఎంపికతో అలెక్స్ బ్రెగ్‌మన్ వచ్చాడు. అది అదృష్టం, ప్రణాళికలో రాసి ఉన్నది కాదు.

ఇప్పుడు 2017 జట్టుకు వెన్నెముకైనవాళ్ళను చూడండి. ఆ ఏడాది లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడిగా నిలిచిన హోసే ఆల్టూవే అయిదడుగుల ఆరంగుళాల మనిషి. వెనిజువెలాలో ఎంపిక పోటీలకు వస్తే మరీ పొట్టిగా ఉన్నావని ఇంటికి పంపేశారు. మర్నాడు మళ్ళీ వచ్చాడు. 2007లో 15,000 డాలర్లకు సంతకం చేయించుకున్నారు. 2015లో సై యంగ్ గెలిచిన డాలస్ కైకల్ 2009 డ్రాఫ్ట్‌లో ఏడో రౌండు కుర్రాడు. జార్జ్ స్ప్రింగర్ 2011లో పదకొండో ఎంపిక. లూనో వచ్చేనాటికే ముగ్గురూ ఇంట్లో ఉన్నారు. వాళ్ళకోసం మూడేళ్ళు ఓడిపోనక్కర్లేదు.

పోనీ ఇంట్లో ఉన్నవాళ్ళందరినీ గుర్తుపట్టారా అంటే అదీ లేదు. జె.డి. మార్టినెజ్ పేరు వింటే నాకిప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఇరవయ్యో రౌండులో వచ్చిన కుర్రాడు. 2013 సీజను ముగిశాక తన బ్యాటింగు పద్ధతి మొత్తం మార్చుకున్నాడు, వెనిజువెలా వెళ్ళి చలికాలపు లీగులో ఆడాడు. కొత్త మనిషినై వచ్చానని మార్చిలో చెప్పుకున్నా, అతనికి ఆడే అవకాశాలు పెద్దగా ఇవ్వకుండానే 2014 సీజను మొదలుకాకముందే ఉద్యోగం తీసేశారు. "ఈయన్ని ఎందుకు వదిలేశారమ్మా?" అని మా అబ్బాయి అడిగితే నా దగ్గర జవాబు లేదు. డెట్రాయిట్ తీసుకుంది. ఆ ఏడాదే 23 హోమ్ రన్లు, 2017లో 45. పాత అంకెలు పాత మనిషివి. ఒక మనిషి చలికాలంలో మారి వస్తే పట్టుకోగల కన్ను లేకపోవడం, లెక్కల్లో అంత ఘనులైన ఆ ఆఫీసుకు పెద్ద లోటు.

వాళ్ళు నిజంగా బాగా చేసిన పని ఒకటుంది. కొరియాకు ఆ స్థానానికి లీగు నిర్ణయించిన 72 లక్షల డాలర్లకు బదులు 48 లక్షలతో ఒప్పందం కుదిరింది. మిగిలిన డబ్బుతో, ఎక్కువ అడుగుతాడని జట్లు వెనకాడిన లాన్స్ మెకల్లర్స్‌ని 41వ ఎంపికలో తీసుకుని 25 లక్షలిచ్చారు. 2017లో న్యూయార్క్ యాంకీస్‌తో నిర్ణాయక ఆటను ముగించింది అతనే. ఇక 2016 చలికాలంలో యువకులు సిద్ధమయ్యారని తేల్చుకున్నాక పెద్దవాళ్ళను తెచ్చారు: క్యాచర్ బ్రయన్ మెక్కాన్, జాష్ రెడిక్, నలభై నిండబోతున్న కార్లోస్ బెల్ట్రాన్, 2 ఏళ్ళకు 1.4 కోట్ల డాలర్లతో చార్లీ మోర్టన్. వరల్డ్ సిరీస్ ఏడో ఆటలో ఆఖరి బంతి వేసింది మోర్టనే. హార్వీ తుఫాను ఊరిని ముంచేసిన ఆ ఆగస్టు చివరి రాత్రి, గడువు ముగిసే క్షణాల్లో, ముగ్గురు కుర్రాళ్ళనిచ్చి జస్టిన్ వర్లాండర్‌ని తెచ్చుకున్నారు. విత్తనపు వడ్లు వండుకుని తినడమే అది. కానీ ఏ ఏడాది తినవచ్చో తెలిసి తిన్నారు.

ఆ కప్పు గురించి ఇంకో మాట చెప్పకుండా రాయడం అన్యాయం. ఆ సీజనులో కెమెరాతో ప్రత్యర్థి క్యాచర్ సైగలు చూసి, చెత్తడబ్బా మీద కొట్టి ఏ బంతి రాబోతోందో బ్యాటర్‌కు చెప్పారని తేలింది. 2020 జనవరిలో లూనోనీ, మేనేజర్ ఎ.జె. హించ్‌నీ ఏడాది సస్పెండ్ చేశారు. క్రేన్ ఇద్దరినీ తీసేశాడు. 50 లక్షల డాలర్ల జరిమానాతో పాటు 2020, 2021 డ్రాఫ్టుల్లో మొదటి రెండు రౌండ్ల ఎంపికలూ పోయాయి. అది నన్ను చాలా బాధపెట్టింది. కొత్త మేనేజర్ డస్టీ బేకర్ చేతి కింద 2022లో మళ్ళీ గెలిచినప్పుడు గానీ మా ఇంట్లో ఎవరూ నిండు మనసుతో సంతోషపడలేదు.

పోయిన ఆ ఎంపికల ప్రభావం ఇప్పుడు కనిపిస్తోంది. కిందిమెట్లు పలచబడ్డాయి. మళ్ళీ అట్టడుగుకు వెళ్ళి తెచ్చుకుందామన్నా దారి మూసుకుపోయింది. 2022 నుంచి మొదటి ఆరు ఎంపికలకు లాటరీ పెట్టారు, ఏటేటా అందులో చోటు దక్కకుండా హద్దులూ పెట్టారు. 2024లో షికాగో వైట్ సాక్స్ 121 ఆటలు ఓడి ఆధునిక బేస్‌బాల్‌లోనే రికార్డు సృష్టించినా, ఆ హద్దుల వల్ల 2025 డ్రాఫ్ట్‌లో వాళ్ళకు దక్కింది పదో ఎంపిక. డబ్బిచ్చి టికెట్టు కొనుక్కుని వచ్చే జనం పక్షాన ఇది చాలా మంచి మార్పు. అందుకే వైట్ సాక్స్ కూడా చలికాలం బేరాలనే నమ్ముకుని, తమ మేటి పిచ్చర్ గారెట్ క్రోషేని బోస్టన్‌కిచ్చి నలుగురు కుర్రాళ్ళను తెచ్చుకున్నారు.

అదే 2024 డిసెంబరులో ఆస్ట్రోస్ కైల్ టకర్‌ని షికాగో కబ్స్‌కి ఇచ్చేశారు. 2015లో అయిదో ఎంపికగా వచ్చి మా కళ్ళ ముందు పెరిగినవాడు, జట్టులో అందరికన్నా నమ్మకమైన బ్యాటర్. స్వతంత్రుడు కావడానికి ఇంకొక్క ఏడాదే ఉంది. బదులుగా ఇసాక్ పరెడెస్, హేడెన్ వెస్నెస్కీ, ఆ ఏడాదే డ్రాఫ్ట్ అయిన కామ్ స్మిత్ వచ్చారు. రెండు నెలలకు బ్రెగ్‌మన్ కూడా బోస్టన్ వెళ్ళిపోయాడు. కిందిమెట్లలో ముప్ఫై రెండు ఆటలు మాత్రమే ఆడిన స్మిత్ 2025 మొదటి రోజునే టకర్ నిలబడిన చోట నిలబడ్డాడు. ఈ బేరం సరైనదేనంటాను నేను: ఒక్క ఏడాది హక్కు ఇచ్చి, స్మిత్ ఒక్కడి మీదే ఆరేళ్ళ హక్కు తెచ్చుకున్నారు. మా అబ్బాయి ఇప్పటికీ ఒప్పుకోడు. "ఆ ఒక్క ఏడాదీ ఉంచుకుని ఇంకో కప్పుకోసం ప్రయత్నించాల్సిందమ్మా" అంటాడు. 2025లో 87 ఆటలు గెలిచి కూడా ఆస్ట్రోస్ 2016 తర్వాత మొదటిసారి ప్లేఆఫ్స్‌కు దూరమయ్యారు. టకర్ ఉంటే ఆ తక్కువైన ఒక్క ఆటా గెలిచేవాళ్ళేమో, వాడి మాటలో బలముంది. నేను మాత్రం స్మిత్ మూడో సీజను ఆడేదాకా ఆగి చూడమంటున్నాను.